తలుపు లేని క్యాబినెట్

సెలవురోజు పొద్దున కళ్ళజోళ్ళాయన పెట్టుకున్న పని చాలా చిన్నది. టిఫిన్ తిని, ఊరికి ఆ చివరనున్న పళ్ళ డాక్టరు ఇంటికి వెళ్ళి, అమ్మకానికి పెట్టిన పాత గిటారు స్పీకర్ క్యాబినెట్ చూడాలి. బాగుంటే తెచ్చుకోవాలి. బాగాలేకపోతే భోజనం వేళకి ఒట్టి చేతులతో ఇంటికి రావాలి.

వారమంతా ఆయన కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీస్తాడు. సాయంత్రాలు గిటారు వాయిస్తాడు. వాయిస్తాడని ఆయన చెప్పుకోవడమే గానీ విన్నవాళ్ళెవరూ లేరు. ఆయన దగ్గరున్న యాంప్లిఫయర్‌కి సొంత స్పీకర్ లేదు. వేరే స్పీకర్ల పెట్టె తగిలిస్తే గానీ దానికి నోరు లేవదు. ఆ పెట్టె లేక, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కళ్ళు మూసుకుని, తల ఊపుతూ తన కచేరీ తనే వినేవాడు. పక్కన కూర్చున్న భార్యకి తీగల టిక్కుటిక్కు తప్ప మరేం వినపడేది కాదు.

"ఎవరో గోళ్ళు తీసుకుంటున్నట్టుందండీ," అనేది ఆవిడ. అందులో వెటకారం లేదు. నిజంగానే అలా ఉండేది.

ఆవిడ లైబ్రరీలో పనిచేస్తుంది. అక్కడ ఏ పుస్తకం ఏ అరలో ఉందో చీకట్లో కూడా చెప్పగలదు. ఇంటికొస్తే మాత్రం బట్టల బీరువా తలుపు ఊడిపోయి, దానికి కుర్చీ అడ్డంపెట్టి, ఆ కుర్చీ మీద మళ్ళీ బట్టలే పెట్టుకుని కాలక్షేపం చేస్తోంది. ఆవిడకి దిగులంటూ ఏమైనా ఉంటే అది ఆ బీరువా గురించే.

ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి, రెండుసార్లు గొంతు సవరించుకుని, "గిటారు స్పీకర్‌కని ఒక..." అనేసరికి మిక్సీ మోగింది. ఆయన మాట ఆపలేదు. మిక్సీయే ఆగింది. ఆవిడ చెవిన పడింది చివరి ముక్క ఒక్కటే.

"...సెకండ్ హ్యాండ్ క్యాబినెట్ ఉందట. చూసొద్దామనుకుంటున్నా."

ఆవిడ చేతులు తుడుచుకుని ఇటు తిరిగింది. ముఖం చేటంత అయింది.

"నిజంగానా? ఇన్నాళ్ళకి మీకే తోచిందా? ఎంత ఎత్తుంటుంది?"

"నా నడుం దాకా రావచ్చు."

"అయ్యో, చిన్నదా?"

"చిన్నదేంటి! లోపల నాలుగున్నాయి."

"నాలుగైతే సరిపోతాయి. పైవి రెండూ మీరు తీసుకోండి, కిందవి రెండూ నాకు."

స్పీకర్లని భార్యాభర్తలు పంచుకోవడమేమిటో ఆయనకి అర్థం కాలేదు. కానీ అడగకుండానే వరమిచ్చే దేవత ఎదురుగా నిలబడితే, ఎందుకిస్తున్నావని నిలదీసే అమాయకుడు కాదు ఆయన.

"కర్రేనా, రేకా?" అని అడిగింది ఆవిడ.

"కర్రే. మంచి దళసరి చెక్క. నలుపు."

"నలుపైతే మరీ మంచిది, మాసినా తెలీదు. ఆలోచిస్తూ కూర్చోకండి, ఇంకెవరైనా ఎగరేసుకుపోతారు. వెళ్ళండి!"

ఆయన గిటారు భుజాన వేసుకున్నాడు, యాంప్లిఫయర్ చంకన పెట్టుకున్నాడు. బీరువా చూడ్డానికి గిటారెందుకని ఆవిడకి ఒక్క క్షణం అనిపించింది. కానీ పాతికేళ్ళ కాపురంలో ఆయన కూరగాయలకి కూడా గిటారుతో వెళ్ళిన రోజులున్నాయి, అందుకని అడగలేదు.

ఆయన మెట్లు దిగేలోగా ఆవిడ పాత బీరువా ఖాళీ చేయడం మొదలుపెట్టింది. వీధి దాటేలోగా కింద ఇస్త్రీ షాపాయన్ని కేకేసింది. "అన్నయ్యా, బీరువా ఊరికే ఇస్తాను, తలుపు మాత్రం నువ్వే బిగించుకోవాలి," అంది. ఊరికే వస్తుందంటే ఇస్త్రీ షాపాయన తలుపు లేని ఇల్లైనా తీసుకునే రకం. ఇంకో మనిషిని తోడు పెట్టుకుని, ఇస్త్రీ పెట్టె మండుతుండగానే పైకొచ్చి, బీరువాని దింపుకుపోయాడు. ఇంట్లో బట్టలన్నీ మంచం మీద గుట్టయ్యాయి. ఆ గుట్ట పక్కన కూర్చుని ఆవిడ, కొత్త క్యాబినెట్ అరల్లో పరవడానికి పాత పేపర్లు కత్తిరించసాగింది.

అక్కడ పళ్ళ డాక్టరు ఇంట్లో, గోడకి వీపు ఆనించి, నెత్తిన పూలకుండీ పెట్టుకుని ఉంది పెట్టె. కింద ఆసుపత్రి, పైన ఇల్లు. డాక్టరు పెద్దమనిషి, మాట మెత్తన.

"ఎందుకు అమ్మేస్తున్నారండీ?" అని అడిగాడు కళ్ళజోళ్ళాయన.

"నేను పైన వాయిస్తే కింద పేషెంట్లు డ్రిల్లింగ్ మొదలైందనుకుని లేచి పారిపోతున్నారండీ. మా ఆవిడ, సంగీతమా సంసారమా తేల్చుకోమంది. ఇప్పుడు ఊళ్ళో లేదు, సాయంత్రం వస్తుంది. వచ్చేలోగా ఇది వెళ్ళిపోతే సంతోషిస్తుంది."

"స్పీకర్లు నాలుగూ బాగున్నాయా?"

"కొన్నప్పుడు నాలుగూ బ్రహ్మాండంగా పలికేవి," అన్నాడు డాక్టరు. 'కొన్నప్పుడు' అనే మాటని ఆయన కొంచెం మెత్తగా పలికాడు.

ముందురోజే కళ్ళజోళ్ళాయన తన గిటారు మాస్టారిని సలహా అడిగి వచ్చాడు. "కొనదగిందో కాదో దాని ముఖం చూసి చెప్పలేం. ముందు ముక్కు ఆనించి వాసన చూడు, లోపల తీగ కాలితే కమురు వాసన కొడుతుంది. మెల్లగా వాయించి గరగర ఏమైనా ఉందేమో విను. అన్నిటికన్నా ముఖ్యం, వెనక్కి తిప్పి వీపు చూడు. అది చూడకుండా మాత్రం కొనకు," అని మాస్టారు మరీ మరీ చెప్పాడు.

కళ్ళజోళ్ళాయన మోకాళ్ళ మీద కూర్చుని, పెట్టె ముందున్న నల్ల గుడ్డకి ముక్కు ఆనించాడు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది.

"ఎలా ఉందండీ? వాసనేమైనా వస్తోందా?" అంది భార్య.

ఈవిడకి ఇంత జ్ఞానం ఎప్పుడొచ్చిందని ఆయన విస్తుపోయాడు. "కమురు వాసనైతే లేదు. కలరా ఉండల వాసనలా వస్తోంది."

"అయితే మంచివాళ్ళే! శుభ్రంగా వాడుకున్నారన్నమాట," అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

ఆయన వైరు తగిలించి, గిటారు సవరించి, ఒక్క తీగ మీటాడు. గది నిండిపోయింది. ఎన్నాళ్ళుగానో చెవుల్లో బందీగా ఉన్న నాదం బయటికొచ్చి, కిటికీ అద్దాల్ని పలకరించి, ఆయన గుండెల మీద చెయ్యి వేసింది. రెండో తీగ మీటేసరికి ఆయన కళ్ళు చెమర్చాయి. కింద ఆసుపత్రి తలుపు ధడాలున తెరుచుకుని ఎవరో పరిగెత్తిన చప్పుడు వినిపించింది.

ఇక వెనక్కి తిప్పి చూద్దామని పెట్టె అంచు మీద చెయ్యి వేశాడో లేదో మళ్ళీ ఫోన్.

"అడగడం మర్చిపోయాను. శబ్దమేమైనా చేస్తోందా?"

"శబ్దమా? గది అదిరిపోతోంది!"

"అమ్మో! అంత శబ్దమైతే ఎలాగండీ? చుట్టుపక్కల వాళ్ళు లేచిపోతారు. కాస్త నూనె వేస్తే తగ్గుతుందేమో అడగండి."

ఆయన ఫోన్‌కి చెయ్యి అడ్డంపెట్టి, మొహమాటపడుతూ డాక్టరు వైపు తిరిగాడు. "నూనె వేస్తే ఏమైనా తగ్గుతుందాండీ? మా ఆవిడ అడుగుతోంది."

డాక్టరు పేషెంట్ల చిత్రమైన ప్రశ్నలకి అలవాటుపడ్డ మనిషి. "వేసుకోవచ్చండీ. నష్టమేమీ లేదు," అన్నాడు.

"నష్టం లేదట," అన్నాడు ఆయన ఫోన్‌లో.

"అయితే ఇంకేం చూస్తున్నారు? వ్యాన్ మాట్లాడుకుని వచ్చెయ్యండి!"

ఇంతమంది ఇన్ని రకాలుగా సరేనన్నాక వీపు చూడాలన్న సంగతి ఆయనకి గుర్తులేదు. బేరం ఒక్క మాటలో తెగింది. గీతలు పడకుండా డాక్టరు పాత కర్టెన్ ఒకటి పెట్టె మీంచి దుప్పటిలా కప్పేశాడు. ఇద్దరూ చెరోపక్క పట్టి ఎత్తారు. నాలుగు స్పీకర్ల పెట్టెని మోస్తే నడుం పడిపోతుందని మాస్టారు భయపెట్టాడు గానీ, ఇది ఆట్టే బరువే లేదు. నాలో ఇంత బలముందా అని కళ్ళజోళ్ళాయన మురిసిపోయాడు.

ఇంటికొచ్చి, పెట్టెని హాల్లో గోడకి ఆనించి, కర్టెన్ తీసి, ఆయన వెనక్కి జరిగి నిలబడ్డాడు. భార్య కత్తిరించిన పేపర్లు చేత్తో పట్టుకుని ముందుకి వచ్చింది. పెట్టె ఎదురుగా నిలబడి చూసింది. కుడిపక్క తడిమింది. ఎడమపక్క తడిమింది.

"తలుపేదండీ?"

"దేని తలుపు?"

"క్యాబినెట్ తలుపు. బట్టలెక్కడ పెట్టాలి?"

"ఇందులో బట్టలేంటి? ఇది గిటారు స్పీకర్ క్యాబినెట్. పొద్దున్నే చెప్పానుగా!"

"మీరు క్యాబినెట్ అన్నారు. నాలుగు అరలన్నారు!"

"నాలుగున్నాయన్నా, అరలనలేదు! అయినా పైవి రెండూ నాకు, కిందవి నీకు అన్నది ఎవరు?"

 పొద్దుట్నుంచి ఎవరెవరు ఏమేమన్నారో ఇద్దరి బుర్రల్లోనూ మళ్ళీ మొదట్నుంచి తిరిగింది. వాసన, శబ్దం, నూనె. ఆయనకి ముందు నవ్వొచ్చింది. గది తలుపులోంచి మంచం మీది బట్టల గుట్ట కనపడింది. నవ్వు ఆగిపోయింది.

"బీరువా ఏది?"

"ఇచ్చేశాను," అంది ఆవిడ. కోపంగా అని ఉంటే బాగుండేది. ఆవిడ గదిలోకి వెళ్ళి ఆ గుట్ట అంచున కూర్చుని, పేపర్లని ఒళ్ళో సర్దుకుంటూ మెల్లగా అంది. "నేను అడక్కుండానే మీకు గుర్తొచ్చిందనుకున్నానండీ. అంతే."

ఆ మాటకి ఆయన ప్రాణం ఉసూరుమంది. గబగబా మెట్లు దిగి ఇస్త్రీ షాపుకి వెళ్ళాడు. అక్కడ బీరువా అప్పటికే ఊరందరి చొక్కాలతో నిండి, ఊడిన తలుపు బిగించుకుని, నిగనిగలాడుతోంది.

"అన్నా, అది కాస్త తిరిగిస్తావా?"

"చెల్లెమ్మ చేత్తో ఇచ్చింది బావగారూ. ఇచ్చింది వెనక్కి ఇస్తే ఆమెని అవమానించినట్టు కాదూ?" అన్నాడు ఇస్త్రీ షాపాయన, ఎంతో మర్యాదగా బీరువాకి అడ్డంగా నిలబడి.

ఆయన వెనక్కి వచ్చాడు. ఆలోచించేదేమీ లేదనుకున్నాడు. డాక్టరుకి ఫోన్ చేసి స్పీకర్ నొక్కి, ఫోన్ని కిటికీలో పెట్టి, "డాక్టరుగారూ, ఏమనుకోకండి, ఇది తిరిగి తెచ్చేస్తున్నానండీ," అంటూ పెట్టెని గుమ్మం వైపు తిప్పడానికి రెండు చేతులతో తోశాడు. కింద చక్రాలుండటంతో అది గిర్రున తిరిగి, వీపు చూపించింది.

"ఆగండి," అంది భార్య.

పెట్టె వీపు మీద రెండు బందులున్నాయి. ఒక చిన్న గొళ్ళెం ఉంది. ఆవిడ వచ్చి గొళ్ళెం తీసింది.

తలుపు తెరుచుకుంది. ఒక పక్క ఒకదాని మీద ఒకటిగా రెండు స్పీకర్లు. రెండో పక్క స్పీకర్లుండాల్సిన చోట చెక్క బిగించి, పైనుంచి కిందిదాకా చక్కటి అరలు. అరల్లో పేపర్లు పరిచి, మడతపెట్టిన దుప్పట్లు. దుప్పట్ల మధ్య గుడ్డ మూటలో కలరా ఉండలు.

ఎవరూ మాట్లాడకముందే ఫోన్‌లోంచి ఓ ఆడగొంతు కెవ్వుమంది. డాక్టరు భార్య ఊరి నుంచి ముందే వచ్చేసినట్టుంది. "పెట్టె అమ్మేశారా? నా దుప్పట్లు!"

"ఉన్నాయండీ, అన్నీ భద్రంగా ఉన్నాయి," అంది కళ్ళజోళ్ళాయన భార్య ఫోన్ దగ్గరికి వెళ్ళి. "ఎంత బాగా సర్దారండీ! ఈ అరలు ఎవరు వేశారు?"

పొగడ్త వినగానే అవతలి గొంతు దిగొచ్చింది. "మా వడ్రంగి చేతే వేయించానండీ. రెండు స్పీకర్లు ఎప్పుడో మూగబోయాయి. పాతసామాన్లకి ఇచ్చేశా. అంత జాగా ఖాళీగా పెట్టుకోవడం దేనికి? పైగా దుప్పట్లుంటే చప్పుడు కూడా కాస్త అణుగుతుంది. మా ఆయనకి ఇప్పటిదాకా తెలీదు."

"ఇప్పుడు తెలిసింది," అన్నాడు డాక్టరు వెనకనుంచి.

సాయంత్రం డాక్టరు దంపతులు దుప్పట్ల కోసం వచ్చారు. లేని స్పీకర్ల పాపానికి డాక్టరు సగం డబ్బు వెనక్కిస్తానన్నాడు. అరలు కూడా కలిపే కొన్నాం కాబట్టి అక్కర్లేదంది కళ్ళజోళ్ళాయన భార్య. పెద్ద బట్టలకి ఇంకో బీరువా రేపే కొందామని ఆయన తనంతట తనే అన్నాడు. అది ఆవిడ రెండుసార్లు చెప్పించుకుని మరీ విన్నది.

దుప్పట్లు తీసేశాక వాయిస్తే పెట్టె ఖాళీ డబ్బాలా మోగింది. అందరూ ముఖాలు చూసుకున్నారు. ఆవిడ లేచి, గుట్టలోంచి ఊలు బట్టలు తెచ్చి, లైబ్రరీలో పుస్తకాలు పేర్చినట్టు అరల్లో పేర్చి, తలుపు మూసి గొళ్ళెం పెట్టింది.

"ఇప్పుడు వాయించండి," అంది.

ఆయన వాయించాడు. ఇన్నేళ్ళుగా టిక్కుటిక్కుగా మాత్రమే తెలిసిన ఆ పాట ఇలా ఉంటుందని ఆవిడకి అప్పుడే తెలిసింది. చెంపకి చెయ్యి ఆనించుకుని కూర్చుండిపోయింది. అయిపోయాక, "ఇంకోసారి," అంది.

రెండోసారి వాయిస్తుండగా గిటారు మాస్టారు వచ్చాడు. పెట్టె కొనదగిందో కాదో తేల్చడానికి గుమ్మంలోనే నిలబడి, కళ్ళు మూసుకుని, చివరిదాకా విన్నాడు.

"మంచి బేరమయ్యా. ఇంత వెచ్చగా పలికే పెట్టె నేనెక్కడా వినలేదు," అన్నాడు.

వెచ్చగా పలకక ఏం చేస్తుంది, లోపల ఇంటిల్లిపాది స్వెట్టర్లూ ఉన్నాయి.