నడిబజారు కింది ఏరు, చిక్కవెంకటప్ప వంటిల్లు

భూమి కింద మానవుడు సాధించిన విజయాలన్నింటిలోకీ గొప్పది కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో జరిగింది. నడిబజారు కింద సొరంగంలో పారే ఏటిని పట్టణ పాతాళ వ్యవహారాల కార్యాలయం ఒకే ఒక్క కాగితంతో ఆపేసింది. పటంలో లేదు కాబట్టి లేదని ఆ కాగితం సారాంశం. (ఏటికి చదువు రాదు. పారుతూనే ఉంది.)

ఆ ఏటి మీదే చిక్కవెంకటప్ప ఇల్లు. గనిలో కప్పు కూలకుండా ముప్పై ఏళ్ళు దుంగలు నిలబెట్టిన మనిషి. ఇప్పుడు సొంత వంటింటి గోడే వేలు దూరేంత బీట వారింది. వానలు పడకముందే సొరంగం కప్పుకు నాలుగు దుంగలు పెట్టించమని యాప్‌లో పదకొండుసార్లు మొరపెట్టుకున్నాడు. పదకొండుసార్లూ "పరిష్కరించబడింది" అని పచ్చరంగులో జవాబు వచ్చింది.

చివరికి సహాయ పర్యవేక్షకుడు శ్రీరామప్ప కరుణించాడు. "ఉండాదని నువ్వంటావు, లేదని ఫైలంటాది. నాకా మోకాలినొప్పి. నువ్వే దిగి చూసిరాపో."

"టోకెను ఇయ్యకుండా దిగేదెట్ల సామీ?" అన్నాడు చిక్కవెంకటప్ప.

గని పద్ధతి అది. దిగేముందు ఇత్తడి బిళ్ళ ఇవ్వాలి, పైకొచ్చి తీసుకోవాలి. బిళ్ళ మేకుకు వేలాడినంతసేపూ మనిషి లోపలున్నట్టే. తన పాత బిళ్ళను తానే తెచ్చి ఇచ్చాడు. శ్రీరామప్ప మురిసిపోయి అక్కడికక్కడే నియమం రాశాడు: సొరంగంలోకి ఏ నోట దిగినవాడు ఆ నోటనే పైకి రావలెను.

చిక్కవెంకటప్ప వీధి మురుగుకాలువ మోరీ మూత ఎత్తి దిగాడు. మోకాటిలోతు నీళ్ళు, పైన ఇటుకల కమాను. కొంతదూరం నడిచేసరికి నెత్తిమీద భార్య సొన్నమ్మ గొంతు. పాలు పొంగినందుకు పాలను తిడుతోంది. తలెత్తితే అక్కడ కమానులో సగం ఇటుకలు లేవు.

"సొన్నా, పొయ్యికాడ నిలబడొద్దు. ఇవతలికి రా."

"యాడుండావు నువ్వు?"

"నీ కిందనే."

"పనిలేకపోతే యాడికైనా పోతావు. వచ్చేటప్పుడు కొత్తిమీర తే."

వెనక్కి తిరిగితే ఇటుకలు జారి దారి మూసుకుంది. ముందుకే నడిచి, ఊరిబయట రాగిచేలో తేలి, బేతమంగళ నుంచి వచ్చే బస్సెక్కి చేరేసరికి ఆఫీసు మూసేశారు.

మర్నాడు శ్రీరామప్ప మేకువైపు చూపించాడు. "నువ్వింగా లోపలుండావప్పా."

"అవతలి నోట బయటపడినాను సామీ."

"అవతలి నోరు పటంలో యాడుండాది?"

"కండ్లముందర నిలబడుండాను గదా."

"కండ్లు రిజిస్టరు కాదప్పా."

మళ్ళీ దిగి ఇటే పైకొస్తానన్నాడు. మనిషి చిక్కుకున్న చోటికి ఇంకెవరినీ దించరాదని మూతకు అప్పటికే సీలు పడింది. దుంగల సంగతి అర్జీదారు పైకొచ్చి సంతకం పెట్టాక చూస్తారట. (సొరంగం లేదు. అందులో మనిషి మాత్రం ఉన్నాడు.) అతన్ని రక్షించడానికి కమిటీ వేశారు. మూడు సమావేశాలు జరిగాయి. కుర్చీలు చాలకపోతే పక్కవీధి నుంచి చిక్కవెంకటప్పే మోసుకొచ్చాడు.

ఈలోగా వాన పడింది. మొగుడూ పెళ్ళాం ముళబాగిలులో చుట్టాలింట ఉన్నరోజు వంటిల్లు గోడతో సహా ఏట్లోకి దిగిపోయింది.

శ్రీరామప్ప నిచ్చెనతో, ఫోటో తీసేవాడితో పరుగున వచ్చాడు. వంటింటి గుంతను మొదటి నోటికి కొనసాగింపుగా భావించాలని కమిటీ తీర్మానించింది. చిక్కవెంకటప్పను నిచ్చెన మీదుగా కిందికి దించి, మళ్ళీ పైకి ఎక్కించి, దండవేసి, క్షేమంగా వెలికితీసినట్టు రాసుకున్నారు.

"పైకొచ్చినాను గదా సామీ, ఇంగ దుంగలు పెట్టిస్తారా?"

"ఏ కప్పుకప్పా? కప్పు యాడుండాది?"

సొన్నమ్మ ముందుకొచ్చింది. "గోడన్నా మేమే కట్టుకుంటాం సామీ."

"మనిషి ప్రాణం కాపాడిన దారి గదమ్మా ఇది," అన్నాడు శ్రీరామప్ప. "మూస్తే కేసైతాది."