మొదటి గుక్క ఎవరిది

ఆ ఆదివారం పొద్దున్న జగన్నాధం పెట్టుకున్న పని ఒక్కటే. మామగారింటికి వెళ్లి, బీరువాలో ఉన్న రమ్ము సీసా మూత తీసి, ఒకసారి వాసన చూసి వచ్చేయడం.

తాగడం కాదు. అరసవల్లిలో ఉండే ఆ కుటుంబం సూర్యదేవుడి వారమని ఆదివారం మందూ మాంసమూ ముట్టదు. అందుకే ఆ సీసాకు సోమవారం సాయంత్రం ముహూర్తం పెట్టారు. వాసనకు మాత్రం నిషేధం లేదని జగన్నాధం తనకు తానే తీర్మానించుకున్నాడు.

ఆయన శ్రీకాకుళంలో బెల్లం వ్యాపారి. ముక్క నాలుక మీద వేసుకుంటే చాలు, పాకం ఎక్కడ మాడిందో చెప్పేస్తాడు. ఆ నాలుక పుణ్యమా అని పద్దెనిమిదేళ్లుగా మామగారు ధర్మారావు ఇంట్లో ఆవకాయ కలిపినా, నెయ్యి కాచినా మొదటి రుచి పెద్దల్లుడిదే. ఆయన తల ఊపాకే మిగతావాళ్ల చేతులు కదలాలి. అలాంటి ఇంట్లోకి ఓడలో ఇంజనీరుగా పనిచేసే చిన్నల్లుడు నరేష్, జమైకాలో పన్నెండేళ్లు చెక్క పీపాలో మగ్గిన రమ్ము పట్టుకొచ్చాడు. "దీన్ని ఎలాగ రుచి సూడాలో నేను సెప్తాను మావయ్యా" అన్నాడు. "అలాగే బాబూ, మొదటి గుక్క నువ్వే పట్టు" అన్నాడు ధర్మారావు. అది విన్న దగ్గర్నుంచి జగన్నాధానికి అన్నం సయించడం లేదు. కుళ్లుకి మందు లేదంటారు గానీ, రేపు నరేష్ నోరు తెరిచేలోపు ఆ వాసన గురించి రెండు ముక్కలు తనే అనేస్తే కాస్త ఉపశమనంగా ఉంటుందని ఆయనకు తోచింది.

గదిలో ఎవరూ లేకుండా చూసి సీసా ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"కాఫీ తాగుతారేటి బాబూ" అని వెనకనుంచి అత్తగారు గున్నమ్మ గొంతు వినిపించింది.

జగన్నాధం ఉలిక్కిపడ్డాడు. సీసాలో సగం పైగా బీరువాలో ఉన్న ఆవిడ పట్టుచీరల మీద ఒలికిపోయింది. సీసాను తువ్వాలు కింద దాచేసరికి గున్నమ్మ లోపలికి వచ్చి ముక్కు ఎగబీల్చింది.

"ఏటి బాబూ ఈ వాసన?"

"మోకాలి నొప్పుల తైలం అత్తయ్యా. మీ కోసమే తెస్తే ఒలికిపోనాది."

"పోనీలెండి, మిగిలింది ఇవ్వండి. పొద్దుట్నుంచి లాగేస్తన్నాయి."

ఇవ్వకపోతే చీరల సంగతి తేలుతుంది. మిగిలినదాంట్లో గ్లాసెడు ఆవిడ మోకాళ్లకు పోయింది. సీసాలో నాలుగు వేళ్ల ఎత్తు మిగిలింది. దాన్ని సంచిలో పెట్టుకుని జగన్నాధం ఇంటికి బయలుదేరాడు. దారిలో మొహానికి తువ్వాలు చుట్టుకుని మందు కొట్లో చవక రకం రమ్ము రెండు సీసాలు కొన్నాడు.

"ఆదివారం పూట ఏటండీ ఈ పని?" అంది భార్య ఝాన్సీ.

"తాగడానికి కాదే, నింపడానికి."

చవక రమ్ము పలచగా, ఘాటుగా ఉంది. జగన్నాధం పొయ్యి మీద నల్లబెల్లం ముదురుపాకం పట్టి, రెండు లవంగాలు, గుప్పెడు ఎండుద్రాక్ష వేసి, వడగట్టి అందులో కలిపాడు. ఆదివారం కాబట్టి నాలుక మీద చుక్క వేసుకోకూడదు. అంతా ముక్కుతోనే సరిచూసుకున్నాడు. మర్నాడు పొద్దున్నే, దానితో నింపిన జమైకా సీసా మామగారి బీరువాలోకి చేరిపోయింది.

సోమవారం సాయంత్రం నరేష్ గ్లాసు పట్టుకుని మెల్లగా తిప్పాడు. వాసన చూశాడు. కళ్లు మూసుకుని చిన్న గుక్క వేసి నోట్లోనే ఉంచుకున్నాడు. జగన్నాధం గుమ్మం ఎంత దూరంలో ఉందో చూసుకున్నాడు.

"ఓడలో తాగినదానికన్నా బాగున్నాది మావయ్యా" అన్నాడు నరేష్. "కాలిన చెరుకు, ఎండుద్రాక్ష, అడుగున లవంగం. పన్నెండేళ్ల ఓపిక ఇది."

ధర్మారావు గుక్క వేసి, గ్లాసు ఇంకోసారి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "నిజవే. నీ నాలికే నాలిక బాబూ" అన్నాడు.

గండం గడిచింది. ఇంకొకడైతే బతికిపోయానని ఊరుకునేవాడు. జగన్నాధానికి మాత్రం లోపల మండిపోతోంది. పొయ్యి దగ్గర చెమటలు కక్కింది తను, మెప్పు నరేష్‌కి. తన బెల్లం మీద తనకే అసూయ పుట్టింది.

"ఈ పాకం మనోళ్లకి రాదన్నయ్యా" అన్నాడు నరేష్ ఆయన వైపు తిరిగి. "వాళ్ల చెరుకు వేరు."

"ఆ పాకం నాది" అన్నాడు జగన్నాధం లేచి నిలబడి.

ఎవరూ నమ్మలేదు. "కుళ్లుబోతు మాటలు మానీ అల్లుడూ" అన్నాడు ధర్మారావు. దాంతో జగన్నాధం ఇంటికి పరిగెత్తి మిగిలిన చవక రమ్మూ, నల్లబెల్లమూ తెచ్చి, అందరూ చూస్తుండగా అత్తగారి పొయ్యి మీదే మళ్లీ పాకం పట్టాడు. కలుపుతూ కలుపుతూ ఒలికిన సంగతి కూడా చెప్పేశాడు.

"మరి నా మోకాళ్లకి రాసింది ఏటి బాబూ?" అంది గున్నమ్మ.

"జమైకా, అత్తయ్యా."

"పన్నెండేళ్లదైతే నొప్పి తగ్గాలి కదా మరి" అని ఆవిడ చీరలు చూసుకోవడానికి వెళ్లిపోయింది.

నరేష్ కొత్త గ్లాసు రుచి చూసి కింద పెట్టి, "ఇదే" అన్నాడు. మొహం చిన్నబోయింది. జగన్నాధానికి మూడు రోజుల తర్వాత మొదటిసారి ఆకలి వేసింది.

ధర్మారావు పెద్దల్లుడి భుజం తట్టాడు. "ఇంత సెయ్యి పెట్టుకుని పద్దెనిమిదేళ్లు ఊరికే కూకుని తిన్నావా? ఇకనుంచి ఈ ఇంట్లో ఏది వండినా నీ సెయ్యి పడాల."

"తప్పకుండా మావయ్యా" అన్నాడు జగన్నాధం ఉబ్బిపోతూ.

"ఒక్క మాట సెప్పు. నీ కొట్లో, బెల్లం వండినోడు తన బెల్లం మంచిదో కాదో తనే తేల్చి రకం కడతాడేటి?"

"ఎలా కడతాడు మావయ్యా? వండినోడు దూరంగా నిలబడాల. రుచి సూసేది ఇంకొకడు" అన్నాడు జగన్నాధం, వ్యాపారం మాట వచ్చేసరికి ఆలోచించకుండా.

"అద్దీ న్యాయం" అని ధర్మారావు తరువాతి గ్లాసు నరేష్ చేతికి అందించాడు.

వండినవాళ్లు ఆఖరి బంతిలోనే కూర్చోవాలన్నది ఆ ఇంట్లో ఎప్పటినుంచో ఉన్న ఆచారమే.