దొర నిమిషానికి రెండు బీడీలు

ఆ పొద్దు మద్దిలేటి చేయవలసిన పని చాలా చిన్నది. గద్వాల స్టేషన్‌లో దిగి, ఇటిక్యాల దారిలో ఉన్న దేశాయిగారి బంగళాకు వచ్చే తెల్లదొర ఏమంటున్నాడో విని, అక్కడి వాళ్ళకు తెలుగులో చెప్పాలి. సాయంత్రం దొర మళ్ళీ రైలెక్కేదాకా మాటపడకుండా నెట్టుకొస్తే బంగళా జవాను నౌకరి అతనికే ఇస్తానని దేశాయిగారి వ్యవహారాలు చూసే పేష్కారు మాటిచ్చాడు. నౌకరి రాకపోతే శుక్రవారం మేస్త్రి వెంట పెళ్ళాంతో సహా దూరదేశం కట్టపనికి పోవాలి. పోయిన ఏడు అక్కడ తట్టలు మోసి, జ్వరం తెచ్చుకుని, బండిలో పడుకుని ఇంటికొచ్చిన జోగులమ్మ ఈసారి కట్టపని పేరెత్తితేనే మొహం తిప్పుకుంటోంది.

"జర నిమ్మళంగ ఉండు. నీకు తెల్వని మాటొస్తే తెల్వదని చెప్పు," అని తలపాగా చేతికిస్తూ ఆమె ఒకటికి రెండుసార్లు చెప్పింది. మద్దిలేటి నవ్వాడు. ఇంగ్లీషులో తనకు తెలియని మాట ఒకటి ఉంటుందని కట్టుకున్న పెళ్ళామే అనుకోవడం అతనికి వింతగా తోచింది.

నిజానికి ఆ ఇంగ్లీషు బళ్ళో నేర్చింది కాదు. రైలు పట్టాలు వేసే కాలంలో ఒక సర్వే దొరకు మద్దిలేటి నాలుగేళ్ళు గొడుగు పట్టాడు. గొడుగు పట్టేవాడికి దొర ఎండలో నడిచేటప్పటి పనికంటే, దొర డేరాలోంచి బయటికి రాకముందు ఉండే పని ఎక్కువ. నిలబడి ఎదురుచూడటమే ఆ పని. అందుకని అతనికి ఇంగ్లీషులో మిగతా మాటలు ఎలా ఉన్నా, కాలం గురించిన మాటలు మాత్రం బాగా పట్టుబడ్డాయి. గడియారం లేదు కనుక బీడీలతో కొలిచాడు.

లోపలినుంచి దొర 'వన్ మినిట్' అంటే రెండు బీడీలు కాలేవి. 'హాఫ్ ఎ మినిట్' అంటే మూడు. సగం నిమిషం నిండు నిమిషంకన్నా ఎందుకు పెద్దదయిందని మద్దిలేటి ఎన్నడూ అడగలేదు. తెల్లవాళ్ళ లెక్క తెల్లవాళ్ళది. 'సూన్' అంటే ఆనాటికి ఆశ వదులుకోవచ్చు. 'ఇన్ నో టైం' అంటే డేరా పీకి ఇంకో ఊళ్ళో వేసినా ఆ పని కాదు. ఒక్క 'ఫార్ట్‌నైట్' మాత్రం నికరం. ఆ మాట చెప్పి సెలవు మీద పోయినప్పుడల్లా దొర సరిగ్గా పదిహేనోనాడు పొద్దున్నే దిగేవాడు. జాతి మొత్తానికీ ఇదే కొలత అని మద్దిలేటి గట్టిగా నమ్మాడు. పాపం, అతను చూసింది ఒక్క దొరను, అందులోనూ ఒళ్ళు వంగని దొరను.

ఇప్పుడు వచ్చినవాడు రాళ్ళ దొర. కొండల్లో ఏ రాయి ఉందో, దాని కింద ఏముందో పరీక్షించడం అతని ఉద్యోగం. సన్నగా, పొడుగ్గా ఉన్న ఆ మనిషి కారు దిగీ దిగగానే చేతి గడియారం చూసుకున్నాడు. 'ఫైవ్ మినిట్స్' అని చెప్పి స్నానాల గదిలోకి పోయాడు.

పేష్కారుకు ఉర్దూ వచ్చు, తెలుగు వచ్చు, ఇంగ్లీషు రాదు. దేశాయిగారేమో హైదరాబాదులో ఉన్నారు. పేష్కారు మద్దిలేటి మొహంలోకి చూశాడు. మద్దిలేటి వేళ్ళమీద లెక్కవేశాడు. నిమిషానికి రెండు చొప్పున అయిదు నిమిషాలకు పది.

"పది బీడీల సేపు సాబ్. ఇంకా ఎక్కువన్న పడ్తది గాని తక్కువ పట్టది," అన్నాడు.

పది బీడీలంటే పూట సగం గడిచినట్టే. గుడ్లు ముందే వేయిస్తే తోలులా సాగుతాయని వంట సాయన్న పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగాడు. పంచరైన స్టెప్నీ టైరు అతికించుకొస్తానని డ్రైవరు కారు తీసుకుని గద్వాలకు పోయాడు. దొర సామాను మోయడానికి వచ్చిన కూలీలు గటక తాగడానికి ఇళ్ళకు పోయారు. దొరకు స్వాగతం పలకడానికి వచ్చిన సన్నాయివాళ్ళు వేపచెట్టు కింద నడుం వాల్చారు. పేష్కారు తలపాగా తీసి పక్కన పెట్టి, తలకు ఆముదం పెట్టించుకోవడానికి కూర్చున్నాడు.

సరిగ్గా అయిదో నిమిషానికి దొర టోపీతో సహా వసారాలోకి వచ్చాడు. కారు లేదు, కూలీలు లేరు, టేబులు మీద ఒక్క ఉప్పుగిన్నె ఉంది. పేష్కారు ఉలిక్కిపడి లేచి సలాము చేయబోతే నుదుటిమీదినుంచి ఆముదం కళ్ళలోకి కారింది. మద్దిలేటికి కాళ్ళు ఒకచోట నిలవలేదు. వంటింటికి పోయాడు, గేటుదాకా పోయాడు, ఎందుకు పోయాడో తెలియక మళ్ళీ వచ్చాడు. జోగులమ్మ తలమీద తట్ట అతని కళ్ళముందు తిరిగింది.

దొర మంచివాడు. గ్లాసెడు మంచినీళ్ళు తాగి, చూపు బంగళా పక్క గుట్టమీద పడగానే ఆగిపోయాడు. అక్కడ నల్లటి రాతిగుండు ఒకటి ఎండకు మెరుస్తోంది. సుత్తి తీసుకుని, 'జస్ట్ ఎ మినిట్' అని చెప్పి మెట్లు దిగాడు.

మద్దిలేటి ఈసారి వేళ్ళమీద లెక్కవేయలేదు. ఒకసారి దెబ్బతిన్నవాడి తెలివితో పేష్కారు దగ్గరికి ఉరికాడు.

"ఈయన గడియారం దొర సాబ్. నిమిషమంటే నిమిషమే. వడ్డన కానియ్యుండ్రి."

సాయన్న మంట ఎగదోసి కోడికూర, గుడ్లు, పూరీలు టేబులు మీద పెట్టాడు. సన్నాయివాళ్ళు లేచి పాట ఎత్తుకున్నారు. పేష్కారు రెండు చేతులా పూలదండ ఎత్తిపట్టి మెట్లమీద నిలబడ్డాడు. దేశాయిగారి ఇంట్లో ఒక ఆచారం ఉంది. అతిథి కోసం సన్నాయి మొదలుపెట్టి దండ ఎత్తితే, అది అతిథి మెడలో పడేదాకా పాట ఆపకూడదు, చేతులు దించకూడదు. ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ తప్పలేదు, ఎందుకంటే ఎన్నడూ అవసరం రాలేదు.

దొర మొదటి గుండును కొట్టాడు. అది బాగున్నట్టుంది, రెండోదాని దగ్గరికి పోయాడు. అక్కణ్ణుంచి మూడోదానికి, తర్వాత గుట్ట శిఖరానికి, తర్వాత గుట్ట అవతలికి పోయాడు. సుత్తి చప్పుడు మాత్రం ఉండి ఉండి వినబడుతోంది. నీడలు కాళ్ళకిందికి వచ్చాయి. సన్నాయివాళ్ళకు వచ్చిన పాటలు అయిపోయి, పెళ్ళికూతుర్ని అత్తవారింటికి పంపే పాట దగ్గరికి వచ్చారు. సాయన్న కోడికూరమీద ఈగలు తోలి తోలి, కండువా మార్చుకోవడానికి లోపలికి పోయినంతలో కుక్క వచ్చి రెండు ముక్కలు ఎత్తుకుపోయింది. పేష్కారు చేతులు వాలిపోతుంటే మద్దిలేటి వెనక నిలబడి ఆయన మోచేతులు రెండూ ఎత్తిపట్టాడు.

"మద్దిలేటీ, ఇది నిమిషమేనా?" అని పేష్కారు తల తిప్పకుండానే అడిగాడు.

"నిమిషమే సాబ్. ముందల జస్ట్ అన్నడు. గందుకే జర పెరిగినట్టుంది."

దొర రెండు గంటల తర్వాత టోపీ నిండా రాళ్ళు పోసుకుని వచ్చాడు. దండ వేయించుకుని, చల్లబడ్డ కూరను ఇష్టంగా తిన్నాడు. తర్వాత గడియారం చూసుకుని కారు ఎక్కడని అడిగాడు. నాలుగింటికి గద్వాలలో రైలు ఉంది.

కారు సంగతి అప్పటిదాకా ఎవరికీ గుర్తులేదు. పేష్కారు తడుముకోలేదు. "ఇప్పుడే వస్తదని చెప్పు," అన్నాడు. మద్దిలేటి 'నౌ' అని చెప్పాడు. దొర టోపీ పెట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి మళ్ళీ అడిగాడు, మళ్ళీ ఇప్పుడే అన్నారు. దొర మెట్లు దిగాడు. ఆ తర్వాత గేటుదాకా పోయి వచ్చాడు. కుర్చీ అంచున కూర్చుంటాడు, లేస్తాడు, గడియారం చెవి దగ్గర పెట్టుకుని వింటాడు. అడిగినప్పుడల్లా పేష్కారు మొదటిసారి చెప్పినంత ధీమాగా ఇప్పుడే అంటూనే ఉన్నాడు.

మద్దిలేటి ఆ దొరనే చూస్తూ నిలబడ్డాడు. ఎదురుచూడటం అంటే ఏమిటో అతనికి తెలుసు. ఈ నౌకరి కోసం ఆరు నెలలుగా ఇదే వసారా మెట్లమీద కూర్చుంటున్నాడు. పేష్కారు 'ఇప్పుడే పిలుస్త' అన్న ప్రతిసారీ పొద్దు వేపచెట్టు మీదినుంచి గుట్ట కొనదాకా దిగేది. అదీగాక డ్రైవరు అత్తగారిల్లు గద్వాలలోనే ఉంది. ఆ సంగతి దొరకు చెబితే పేష్కారు మాట అబద్ధమవుతుంది, నౌకరి పోతుంది. చెప్పకపోతే ఈ మనిషి నడిచి నడిచి పడిపోయేట్టున్నాడు.

దొర ఇంకోసారి గేటువైపు పోబోతుంటే మద్దిలేటి అడ్డం నిలబడ్డాడు. 'నో నౌ' అన్నాడు. పొద్దును చూపించి, అక్కణ్ణుంచి వేలును మెల్లగా గుట్ట కొనదాకా దించి, 'కార్' అన్నాడు. దొర ఆ వేలివెంటే చూశాడు. గడియారం చూసుకున్నాడు. తర్వాత టోపీ తీసి, వాలుకుర్చీలో పడుకుని, కళ్ళు మూసుకున్నాడు.

"ఏం చెప్పినవ్‌రా?" అన్నాడు పేష్కారు.

"పండుకొమ్మన్న సాబ్."

పొద్దు గుట్ట కొనను తాకుతుండగా కారు హారను వినబడింది. నోటినిండా పాను వేసుకుని డ్రైవరు దిగాడు. రైలు ఎప్పుడో పోయింది. దొర ముందు గుట్టను, తర్వాత గడియారాన్ని, ఆ తర్వాత మద్దిలేటిని చూసి చాలాసేపు నవ్వాడు. పేష్కారును పిలిచి గట్టిగా ఏదో చెప్పాడు. దాన్ని తెలుగు చేయడానికి సిగ్గు అడ్డొచ్చినా, మద్దిలేటి సగం మింగుతూ చెప్పాడు. ఈ ఇంట్లో కాలం తెలిసినవాడు ఇతనొక్కడే, ఇతన్ని వదులుకోవద్దు, దేశాయిగారికి నేనే ఉత్తరం రాస్తాను అని దాని సారాంశం. దేశాయి పేరు వినగానే పేష్కారు మొహం మెత్తబడింది, నౌకరి నీదే అన్నాడు.

మద్దిలేటి ఊళ్ళోకి నడిచి కాదు, ఉరికి వచ్చాడు. జోగులమ్మ గడపలోనే కూర్చుని ఉంది.

"నౌకరి దొరికింది. రెండు దినాల్ల హుకుం చేతికిస్తరంట," అన్నాడు రొప్పుతూ.

ఆమె మొహం వెలిగింది. లేవబోయి ఆగింది.

"రెండు దినాలని ఎవరు చెప్పిండ్రు? దొరనా, పేష్కారా?"

మద్దిలేటి తలపాగా విప్పి, దులిపి, మళ్ళీ చుట్టుకున్నాడు.

"పేష్కారు," అన్నాడు.

జోగులమ్మ లోపలికి పోయి, శుక్రవారం కట్టపని దారి రొట్టెలకు జొన్నలు చేటలో పోసుకుంది.