మాటల దత్తత

ఒక పెద్ద అడవిలో, అంటే పెద్దవాళ్ళకి మాత్రమే పెద్దదిగా కనిపించే ఒక అడవిలో, వాగ్భూషణం అనే నక్క ఉండేవాడు. సింహంగారి ఆస్థానంలో సాంస్కృతిక కార్యదర్శి ఉద్యోగం. జీతం కింద సింహంగారు తిని వదిలేసిన ఎముకల్లో మూలుగ ఉన్నవి ముట్టేవి. మూలుగ లేనివి హైనాల శాఖకి వెళ్ళేవి.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. వాగులన్నీ ఇసక మేటలైపోయి, అడవి మొత్తానికి ఒక్క మడుగు మిగిలింది. అందులో తెల్లారగానే సింహంగారు స్నానం చేసేవారు. తర్వాత తాగేవారు. ఆ తర్వాత ఊరికే, ఒళ్ళు చల్లబడుతుందని, ఇంకాసేపు దొర్లేవారు. ఆయన లేచి వెళ్ళాక మిగతావాళ్ళకి దక్కేది బురద. పెద్ద జంతువులు ఆ బురదనే పీల్చుకునేవి. చిన్నవి గట్టు మీద నిలబడి వాసన చూసి వెళ్ళిపోయేవి.

దాంతో గొణుగుడు మొదలైంది. సింహం నక్కని పిలిపించింది.

"ఏమయ్యా, గట్టు మీద ఆ గోలేమిటి? మధ్యాహ్నం కునుకు పట్టట్లేదు."

"దాహం గురించి ప్రభూ."

"దాహం గురించి మాట్లాడితే దాహం తీరుతుందా?"

"తీరదు ప్రభూ. అందుకే ఇంకా మాట్లాడుతున్నారు."

"మానిపించు. నీ చేత కాకపోతే చెప్పు, మూలుగెముకలు హైనాలకి ఇప్పించేస్తాను."

పక్కనే నిలబడ్డ హైనా వినయంగా ఇకిలించింది. వాగ్భూషణం మూలుగ లేని బతుకు ఊహించుకోలేకపోయాడు. పాపం, అతనికి వేట రాదు. వచ్చిందల్లా ఉపన్యాసమే.

రోజంతా తల పట్టుకు కూర్చుని, పొద్దు వాలేవేళకి పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"ప్రభూ, దొరికింది! వాళ్ళని మాట్లాడొద్దంటే ఊరుకోరు. మాట్లాడుకోవడానికి వేరే మాటలిద్దాం."

పథకం ఇదీ. అడవిలో కుర్రకారంతా సఫారీ జీపుల్లోంచి విన్న ముక్కలు పట్టుకుని 'వావ్', 'సో క్యూట్' అంటూ తిరుగుతున్నారు. తాతముత్తాతల నాటి ముద్దొచ్చే మాటలు అంతరించిపోతున్నాయి. కాబట్టి పాత మాటల పునరుద్ధరణ మండలి పెట్టాలి. ఒక్కో జంతువుకీ ఒక్కో మాట దత్తత ఇవ్వాలి. వాగ్భూషణం మాత్రం తన పిల్లలిద్దర్నీ, ఆ జీపు మాటలే వంటపట్టాలని, జీపురోడ్డు పక్కన బొరియలోనే పెట్టి పెంచుతున్నాడు. ఆ బొరియ కోసం ఎంతమంది కాళ్ళు పట్టుకున్నాడో అతనికే తెలుసు. అది సొంత విషయం కనక ఉపన్యాసంలో రాలేదు.

పాత మాటలు తెలిసిన ప్రాణి అడవిలో ఒక్కతే మిగిలింది, తాబేలు నూకాలవ్వ. ఆవిడ వయసు ఎవరికీ తెలీదు, ఆవిడకీ తెలీదు. పలకరించేవాళ్ళు లేక కదలడం కూడా మానేస్తే, బండరాయి అనుకుని కోతులు ఆవిడ వీపు మీద కాయలు కొట్టుకు తినేవి. వాగ్భూషణం వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అవ్వా, మీరు మా భాషా భాండాగారం."

"అదేం జబ్బు నాయనా?"

"మీకు సన్మానం చేస్తాం. శాలువా కప్పుతాం."

"ముందు కప్పండి, తర్వాత చెప్తా."

కప్పారు. శాలువా చుక్కలు చుక్కలుగా, మెత్తగా ఉంది. లేళ్ళ వరసలో సింగారి అనే తల్లి లేడి దాన్ని తేరిపార చూసి, "మా పెదనాన్న" అంది నెమ్మదిగా. చప్పట్ల మోతలో ఆ ముక్క ఎవరికీ వినపడలేదు.

అవ్వ నోరు విప్పింది. 'మబ్బుకునుకు' అంది, అంటే ఆకాశం మూసుకొచ్చినప్పుడు కళ్ళు వాటంతటవే మూసుకుపోయే నిద్ర. 'తోకసిగ్గు' అంది, అంటే పొద వెనక దాక్కున్నామనుకుంటే తోక బయటే ఉందని తెలిసినప్పుడు కలిగే సిగ్గు. 'తేనెమూతి' అంది, అంటే నేను తినలేదని ఒట్టేస్తున్న ఎలుగుబంటి మొహం. ఎలుగుబంటి ఆ మాట తనకొద్దని చాలాసేపు పేచీ పెట్టి, ఆఖరికి అదే పట్టుకుపోయాడు.

నిజం చెప్పొద్దూ, మాటలు బాగున్నాయి. ఎంత బాగున్నాయంటే, నాలుగు రోజులపాటు అడవి నిజంగానే దాహం మర్చిపోయింది. కోతులు కొమ్మకొమ్మకీ తోకసిగ్గు పడ్డాయి. నెమలి అన్నిటికీ బాణీలు కట్టింది. గట్టు మీద గొణుగుడు పోయి నవ్వులు వినపడ్డాయి. సింహంగారు హాయిగా నిద్రపోయి లేచి, వాగ్భూషణానికి మాంసం కూడా అంటుకుని ఉన్న ఎముక ఒకటి విసిరారు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కాని సన్మానాలు చేయించేవాడికి ఎప్పటికైనా తనకీ ఒకటి కావాలనిపిస్తుంది. వాగ్భూషణం ముగింపు సభని అడవి అంతటి పండగ చేద్దామనుకున్నాడు. పక్కడవి ఏనుగుల మందకి ఆహ్వానం పంపాడు. పైగా వేదిక ఎక్కి ఒక నియమం చదివాడు.

"దత్తత తీసుకున్న మాటని నోటితో అంటే చాలదు. దానికి తగిన చోట, తగిన వేళ, ఆచరించి చూపించాలి. ప్రభువులవారి ఆన! అడ్డుపడ్డవాళ్ళెవరైనా సరే, భాషాద్రోహులు!"

సింహం తల ఊపింది. వినకుండా తల ఊపడం ఆయనకి అలవాటు.

ముగింపు రోజు మడుగు గట్టునే సభ. ఏనుగులు పెద్దమ్మ భద్రమ్మతో సహా మందంతా దిగాయి. అందరూ తమ తమ మాటలు ఆచరించి చూపించారు. అంతా అయిపోయిందనుకుంటుండగా సింగారి ముందుకొచ్చింది. వెనకే దాని కూన, నాలిక అంగిలికి అంటుకుపోయి, అరవడానికి కూడా ఓపిక లేక కాళ్ళీడ్చుకుంటూ వచ్చింది.

"అయ్యా, నాకూ ఒక మాట ఇప్పించండి."

అతిథుల ముందు వాగ్భూషణం ఎక్కడలేని ఉదారత తెచ్చుకున్నాడు. "తప్పకుండానమ్మా! అవ్వా, ఈ బిడ్డకొక మాట."

"అన్నీ పంచేశాను కదయ్యా," అంది నూకాలవ్వ. "ఉండుండు... ఒకటుంది. కడనీరు."

"ఆహా! కడనీరు!" వాగ్భూషణం కళ్ళు మూసుకున్నాడు. "సభాసదులారా, ఏమి మార్దవం! విరహంలో ఉన్న నాయిక కంటి కొసన, రాలనా వద్దా అని తటపటాయించే చివరి బొట్టు..." ఆ బొట్టు మీద చాలాసేపు మాట్లాడాడు. ఏనుగులు తొండాలెత్తి మెచ్చుకున్నాయి. సింహం లేచి, "దత్తత ఇచ్చాం" అంది.

"అవ్వా, దీన్ని ఎక్కడ ఆచరించాలి?" అనడిగింది సింగారి.

"ఇంకెక్కడే, ఇక్కడే. కంటి కొసా లేదు, కాకరకాయా లేదు. నీళ్ళు తక్కువైన ఎండాకాలం మడుగులో ముందు చిన్న నోళ్ళు తాగాలి, తర్వాత పెద్ద నోళ్ళు. అందరూ తాగాక ఆఖర్న రాజు తాగేదాన్ని కడనీరు అనేవాళ్ళం. ఈయన ముత్తాత అలాగే తాగేవాడు. నేనప్పుడు పిల్లని, నాది మొదటి వరస."

సింహం వాగ్భూషణం వైపు చూసింది. వాగ్భూషణం నీళ్ళు నమిలాడు. ఆ కరువులో అతనొక్కడికే ఆ పాటి నీళ్ళు దొరికాయి.

సింగారి సింహానికి ఎదురుగా వచ్చి నిలబడింది.

"ప్రభూ, మీరిచ్చిన మాటే, దాని చోటూ ఇదే. కడనీరు."

ఒక్క పంజా దెబ్బ చాలు. సింహం పంజా ఎత్తింది కూడా. అంతలో భద్రమ్మ కళ్ళొత్తుకుంటూ రెండడుగులు ముందుకేసింది. నేల అదిరింది.

"మా అడవిలోనూ ఉండేదయ్యా ఈ మాట. మా అమ్మమ్మ చెప్పేది. మీరు మళ్ళీ బతికించారు. ఎంత గొప్ప మనసయ్యా మీది!"

ఏనుగుల మధ్య నిలబడ్డప్పుడు ఏ సింహానికైనా గొప్ప మనసే ఉంటుంది. ఎత్తిన పంజాతో మీసం సర్దుకుని పక్కకి తప్పుకుంది.

లేడికూన నీళ్ళలో మూతి పెట్టింది. అది గుటకలు వేస్తున్న చప్పుడు అడవంతా విన్నది. ఆ చప్పుడుకి వాగ్భూషణానికి కూడా ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చినట్టు అనిపించింది. వెంటనే తప్పని గుర్తొచ్చి సర్దుకున్నాడు.

కుందేళ్ళు తాగాయి, ఉడతలు తాగాయి, దుప్పులు తాగాయి. ఏనుగులు తాగాయి, ఏనుగుల్లాగే తాగాయి. చిట్టచివర్న సింహంగారు బురదలో మొహం పెట్టి లేచేసరికి మీసాలకి నాచు వేలాడుతోంది. భద్రమ్మ దగ్గరికి వెళ్ళి మర్యాదగా అడిగారు.

"మరి తమరి ప్రయాణం ఎప్పుడు?"

"ఎక్కడికయ్యా? మా మడుగు ఎప్పుడో ఎండిపోయింది. వానలు పడేదాకా ఇక్కడే ఉంటాం."

సింహం గుహలోకి వెళ్ళి గర్జించింది. "వీడి మూలుగెముకలు హైనాలకి ఇచ్చెయ్యండి!"

"మాకొద్దు ప్రభూ, ఇన్నాళ్ళూ ఇచ్చినవీ ఇక వద్దు," అన్నాయి హైనాలు ఎన్నడూ లేనిది ఇకిలించకుండా. ఎందుకో వాగ్భూషణానికి ఆ క్షణాన బోధపడలేదు. ఉద్యోగం దక్కిందని సంతోషించాడు. దక్కినదాన్ని నిలబెట్టుకోవడానికి ఇంకో ఎత్తు వేశాడు.

"ప్రభూ, మాటని చంపడానికి నిషేధం పనికిరాదు, గౌరవమే మందు. కడనీరు పరమ పవిత్రమైన మాట అని చాటిద్దాం. రోజూ అంటే అరిగిపోతుందని చెబుదాం. గుడి కట్టి లోపల పెడదాం. ఏడాదికోసారి పండగనాడు తమరు మాత్రమే పలకాలి."

గట్టు మీద రాళ్ళతో గుడి లేచింది. తెల్లారి జంతువులన్నీ వచ్చి గుడికి దణ్ణం పెట్టుకున్నాయి. భద్రమ్మ ప్రదక్షిణం కూడా చేసింది. అన్నీ అటునుంచి అటే మడుగులోకి దిగి, ముందు చిన్నవి, తర్వాత పెద్దవి, తాగడం మొదలుపెట్టాయి.

"ఆగండి! ఆగండి!" వాగ్భూషణం గట్టు వెంబడి పరిగెత్తాడు. "ఆ మాట ఎవరూ అనకూడదు!"

"ఎవరన్నారయ్యా?" అంది సింగారి, మూతి తుడుచుకుంటూ.

నిజమే, ఎవరూ అనలేదు. అనాల్సిన అవసరమే లేకపోయింది. సింహంగారు కూడా ఒక్క మాట మాట్లాడకుండా ఏనుగుల వెనక తన వంతు కోసం నిలబడ్డారు.

ఎండకి వాగ్భూషణం గొంతు ఎండిపోతోంది. ఉపన్యాసాల గొంతు కదా, తొందరగా ఎండుతుంది. మెల్లగా కుందేళ్ళ వరసలో దూరి, "నాదీ చిన్న నోరే" అన్నాడు.

"నీకక్కడ కుదరదు నాయనా," అంది శాలువాలోంచి నూకాలవ్వ. "రాజెంగిలి తినే నోరు రాజు తర్వాతే తాగాలి. దానికీ ఓ మాట ఉండేది సుమీ, నాలిక చివర ఆడుతోంది..."

దూరంగా గట్టెక్కిన హైనాలు తడిసిన మూతులతో అటే చూస్తున్నాయి.

"వద్దవ్వా!" వాగ్భూషణం దణ్ణం పెట్టేశాడు. "ఆ మాట గుర్తు తెచ్చుకోవద్దు, నీకు పుణ్యముంటుంది!"

అని, వెళ్ళి సింహంగారి తోక వెనక నిలబడ్డాడు.

నీతి: పాత మాటలకి ప్రాణం పోయదలిచిన ప్రభువులు, వాటి అర్థాలు పూర్తిగా చచ్చాయో లేదో ముందు నాడి పట్టి చూసుకోవాలి.