అరవై అయిదు బిళ్ళల పెట్టె

రిటైరైన ప్రతి మగవాడికీ పింఛనుతో పాటు ఒక గ్రైండర్ కూడా ఇవ్వాలని నేను డిమాండ్ చేస్తున్నాను!

రుబ్బే గ్రైండర్ కాదు మహాప్రభో! ఆ పొరపాటు మా ఆవిడే పడింది. "గ్రైండర్ తెచ్చానోయ్" అనగానే మొహం చాటంత చేసుకుని వంటింట్లోంచి వచ్చింది. పెట్టె విప్పాక వచ్చినదారినే వెళ్ళిపోయింది. ఇది చేత్తో పట్టుకునే గ్రైండర్. ముందు బిళ్ళ తగిలించి, నట్టు బిగించి, స్విచ్చి నొక్కడమే. ఇనుము అరగదీసే బిళ్ళ, చెక్క నునుపు చేసే బిళ్ళ, తుప్పు వదిలించే తీగల బ్రష్షు, చివర్లో మెరుగు పెట్టడానికి ఉన్ని టోపీ. మొత్తం అరవై అయిదు!

ముప్పై నాలుగేళ్ళు రికార్డు సెక్షన్లో ఫైళ్ళు మోసినవాణ్ణి నేను. నా చేతి మీదుగా ఒక్క వస్తువైనా మెరిసిన పాపాన పోలేదు. ఈ బిళ్ళ తగిలించిన పది నిమిషాలకి మా గేటు తళతళలాడింది. మనిషి జన్మకి ఇంకేం కావాలి చెప్పండి?

చప్పుడు భరించలేకపోతున్నామని ఎదురింటి మాస్టారు గోల. నేను మిషను పట్టినప్పటి నుంచి ఈ వీధిలో ఎవరి మాటా ఎవరికీ వినపడక మొగుడూ పెళ్ళాల కొట్లాటలే ఆగిపోయాయి. ఇది సంఘసేవ కాదా?

గేటు తర్వాత వంటిల్లు. ఒక పెనం అడుగంతా నల్లగా మాడిపోయి ఉంది. తీగల బ్రష్షు తగిలించి తెల్లగా తోమిపెట్టాను. అది మాడు కాదట! అంటుకోకుండా కంపెనీవాడే వేసిన పూతట. నాకేం తెలుసు? ఇప్పుడు అందులో ఏం వేసినా అంటుకుంటోంది. అంటుకోవడం కూడా ఒక బంధమే కదా అన్నాను. మా ఆవిడ నవ్వలేదు.

ఆ తర్వాత గుమ్మం దగ్గర ఇత్తడి బోర్డు. నా పేరు, నా హోదా చెక్కించుకున్న బోర్డు. ఉన్ని టోపీ పెట్టి మెరుగు పెడుతూ పోయాను, పెడుతూనే పోయాను. అద్దంలా వచ్చింది. పేరు పోయింది. పోస్టుమాన్ అందులో క్రాపు సరిచూసుకుని మా ఉత్తరాలు మాస్టారింట్లో ఇచ్చిపోతున్నాడు. అహంకారం అరగదీసుకోవాలంటే మునులు అడవులకి పోయేవారు. నాకు అరగంట పట్టింది!

ఇక అసలు విషయానికి వస్తాను.

మా ఆవిడ టైలరు. ముందుగదిలో ఆవిడ గుడ్డ కత్తిరించుకునే బల్ల ఒకటుంది. ఇరవై రెండేళ్ళ నాటిది. దాని అంచు పొడుగునా పెన్ను గీతలు, కత్తి గాట్లు, చుక్కలు, ఇంటూ మార్కులు. చూసినప్పుడల్లా చిరాకేసేది నాకు. స్కూలు వాళ్ళ నలభై రెండు యూనిఫారాలు సోమవారానికి ఇవ్వాలని గుండీలు కొనడానికి బజారుకి వెళ్ళింది. వచ్చేసరికి సర్‌ప్రైజ్ చేద్దామనుకున్నాను.

చెక్క బిళ్ళల మీద నంబర్లుంటాయి. నలభై నుంచి నాలుగొందల దాకా. కళ్ళజోడు నంబరు చిన్నదైతే లోపం చిన్నదని కదా లెక్క? అలాగే నలభై అంటే మెత్తనిదనుకుని అదే బిగించాను. నలభై అంటే పరమ గరుకు అట! నంబరు పెరిగేకొద్దీ నునుపట! ఇలా తలకిందులుగా పెట్టిన మహానుభావుడెవరో నాకు ఒక్కసారి కనిపించాలి. రెండు నిమిషాల్లో గీతలూ గాట్లూ మాయం. వాటితో పాటు పావు అంగుళం బల్ల కూడా మాయం. ఆ గుంటలు కప్పడానికి మైనం పూసి ఉన్ని టోపీతో మెరుగు పెట్టాను.

ఆవిడ వచ్చింది. సంచి కింద పెట్టింది. అంచు వెంబడి ఈ చివర్నించి ఆ చివరికి చెయ్యి పెట్టి తడిమింది.

"ఇక్కడ గీతలుండాలి."

"మురికోయ్. తీసేశాను."

కుర్చీలో కూలబడింది. "మురికి కాదండీ. కొలతలు."

ఒక్కో గుర్తూ ఒక్కో మనిషట. చుక్క ఉంటే బేకరీ ఆవిడ. ఇంటూ ఉంటే నర్సమ్మ. పక్కపక్కన రెండు గాట్లుంటే, ఒక భుజం కిందికి ఉండే పాలావిడ. మొదటిసారి కొలిచినప్పుడే బల్ల మీద గీసేసుకుంటుంది. మళ్ళీ టేపు తీయదు, అంకె పలకదు, పుస్తకంలో రాయదు.

"బేకరీ ఆవిడ నా దగ్గరికే ఎందుకొస్తుందనుకున్నారు? మిగతా చోట్ల నడుము కొలిచి గట్టిగా అరుస్తారు, పక్కన కుర్రాడు రాసుకుంటాడు. ఆవిడ ఇంటికెళ్ళి ఏడుస్తుంది. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అందర్నీ మళ్ళీ రమ్మనాలి?"

వెళ్ళి ప్లగ్గు పీకేశాను. మిషను పట్టాక అలా జరగడం అదే మొదలు.

సరే, ఆ శని, ఆదివారాలు ఇంటికి మనుషులు వస్తూనే ఉన్నారు. స్కూలు పిల్లలు వచ్చారు, నర్సమ్మ వచ్చింది. వడ్రంగి వచ్చి నా గుంటలకి లప్పం పెట్టి, గరుకు కాగితం చేత్తో పట్టుకుని నిదానంగా రుద్ది బల్లని దారికి తెచ్చాడు. నేను టేపు రెండో కొస పట్టుకున్నాను. పాలావిడ భుజం దగ్గర "పదహారున్నర!" అని అరిచి, మా ఆవిడ చూసిన చూపుకి టేపు వదిలేశాను. బేకరీ ఆవిడ మాత్రం రాలేదు. ఇప్పటికీ రాలేదు.

యూనిఫారాలు సోమవారానికి అందాయి లెండి. సాయంత్రం ఆవిడ బాగుచేసిన బల్ల మీద చివరి గీత గీస్తుంటే మంచి చేసుకుందామని అడిగాను.

"ఆ ఎడమ మూల ఓ పాతిక గీతలు ఒకదాని పక్కన ఒకటి గుంపుగా ఉండేవి. అవెవరివోయ్?"

ఇరవై రెండేళ్ళలో ఆ బల్ల గురించి నేనడిగిన మొదటి ప్రశ్న అది.

"మీవే."

"పాతికా?"

"ఏటా ఓ గీత అవతలికి జరిపేదాన్ని. కొన్నేళ్ళు రెండేసి. పెళ్ళినాటి చొక్కాలే ఇంకా పడుతున్నాయని అందరికీ చెప్పుకుని తిరిగేవారుగా? పాతది విప్పి కొత్తది కుట్టి అదే హ్యాంగరుకి తగిలించేదాన్ని."

"మరి మళ్ళీ గీసేసెయ్యి!"

"మిమ్మల్ని గీయను. రెడీమేడ్ కొనుక్కోండి."

నిన్న షాపుకి వెళ్ళాను. సేల్స్‌మన్ నా వంక ఎగాదిగా చూసి, పొట్ట చుట్టూ టేపు తిప్పి, పైఅంతస్తుకి వినపడేలా "నలభై నాలుగూ!" అని కేకేశాడు. షాపంతా తిరిగి చూసింది.

కాస్త మెల్లిగా బాబూ అన్నాను.

"ఏంటి సార్, నలభై ఆరా?" అన్నాడు, ఇంకా గట్టిగా.