కాసా ప్రిమితీవాలో వేడినీళ్ల దండయాత్ర

సముద్రుడు మెల్లగా ఒళ్లు విరుచుకొను వేళ, దీవులలోని ఇలోయిలో పట్టణపు నదిపై పడవలకు ఇంకను నిద్రమత్తు వదలని వేళ, వేడిరొట్టెల సైకిలువాడు రబ్బరుబూరను కుయ్యికుయ్యిమనిపించుచు వీధి మలుపు తిరుగు వేళ, ఒక శనివారమునాడు, ఉదయము ఆరుంబావు గంటలకు, అనగా మోలో పేట చర్చిలో పెండ్లిగంట మ్రోగుటకు సరిగా రెండుముప్పావు గంటల ముందు, కాసా ప్రిమితీవా అను చవక హోటలులో, మూడవ అంతస్తున, కిటికీ తెరచినచో పక్కింటి గోడ కనిపించు పదిహేడవ నంబరు గదిలో, సిబాలోమ్ ఊరి సంతయందు ముప్పదియొక్క ఏండ్లు ఒకే గట్టుమీద చెదరక కూర్చున్న ధీర, ఎండుచేపల సామ్రాజ్ఞి, ఈగలపాలిటి ప్రళయమారుతము, సలూద్ పనగీతోన్ కన్నులు తెరిచెను.

వినువారలారా, దగ్గరకు జరుగుడు. ఇందు రథములు లేవు, ఏనుగులు లేవు. ఒక బకెట్టు కలదు. దానికొరకు జరిగిన సంగ్రామమును చెప్పెదను.

ఆనాటి పెండ్లికూతురు లియోనిసా. చిన్ననాడు ఆమె తల్లి రేవులో చేపలబుట్టలు మోయుచుండగా, ఆ పిల్ల సలూద్ గట్టుక్రింద బోర్లించిన పెట్టెమీద పుస్తకము పెట్టుకొని లెక్కలు చేసికొనెడిది. ఇప్పుడా పిల్ల తన పెండ్లికి సాక్షులుగా నిలుచు ఆరుగురు ధర్మమాతలలో సలూద్‌ను ఒకతెను చేసినది. తక్కిన ఐదుగురిలో ఒకరు జడ్జిగారి భార్య, ఒకరు పెద్ద డాక్టరు, ఒకరు బ్యాంకు మేనేజరు. ఆరవది ఎండుచేపలు. ఆ ఎండుచేపల వాసనయో, ముప్పదియొక్క ఏండ్లుగా సలూద్ జుట్టునందును మెడయందును స్థిరనివాసమేర్పరచుకొన్నది. చాలనట్లు, కానుకగా తెచ్చిన చేపలపెట్టెను ముందురోజు బస్సులో ఆమె నాలుగు గంటలు ఒడిలో పెట్టుకొని కూర్చున్నది. కావున ఆ ఉదయము స్నానమనునది స్నానము కాదు, ధర్మయుద్ధము.

ఈ యుద్ధమునకు మంత్రాంగము ఆమె చెల్లెలు రెమేదియోస్‌ది. ఆమె గ్రామ ఆరోగ్య కార్యకర్త. ఆరేండ్ల క్రిందట శిక్షణకని మూడు రాత్రులు హోటలులో బసచేసి వచ్చినందున, హోటళ్ల విషయమున తనకు తెలియనిది లేదని ఆమె నమ్మకము. క్రిందటి సాయంకాలము గది గుమ్మమున నిలిచి, ఆ మహాజ్ఞానమునంతయు అక్కపై కుమ్మరించినది.

“వీధివైపు గది ఇస్తే వద్దనాలక్కా, జీప్నీ బళ్లు నాలుగింటికే మొదలెడతాయి. మగ్గు మనదే తెచ్చుకోవాలి. వీళ్లు షవర్ పెట్టామని మురిసిపోయి మగ్గు పెట్టరు. పంపు ముందే తిప్పి చూసుకోవాలి. బయటికెళ్తూ కరెంటు కార్డు తీస్తే ఏసీ ఆగిపోద్ది, అందుకని ఆ సందులో నీ సీనియర్ సిటిజన్ కార్డు దూర్చెయ్యి.”

“అరవై ఏళ్లు బతికితే ఇచ్చిన కార్డే అది,” అన్నది సలూద్. “గోడకి పెట్టను.”

“సరేలే. నా బియ్యంకొట్టు కార్డు పెడతా.”

పంపు తిప్పి చూడవలెనని చెప్పిన ఆ రెమేదియోస్, స్నానాలగదిలో గోడకు బిగించిన హీటరుమీద ఎర్రదీపము వెలుగుట చూచి, వేడినీళ్లు కలవని తీర్పిచ్చి, నీటిని మాత్రము ముట్టి చూడలేదు. వినువారలారా, ఈ సంగతి గుర్తుంచుకొనుడు.

సలూద్ తువ్వాలు భుజమున వేసికొనుచుండగనే తలుపు చప్పుడైనది. గుమ్మమున పదహారవ గది ఇల్లాలు, ఆమె చేతిలో ఇస్త్రీపెట్టె. ఇరువదినాలుగు గదులకు అది ఒక్కటే. రాత్రి అందరును వరుసగా పేర్లు చెప్పుకొనిరి.

“మీ వంతండీ. అరగంటే. మీ తర్వాత పద్దెనిమిదో గదివాళ్లు కాచుక్కూచున్నారు.”

“స్నానం చేసి తీసుకుంటానమ్మా.”

“అయితే మళ్లీ పదింటికే.”

పదింటికి పెండ్లి ముగిసి విందు మొదలగును. బస్సులో నలిగిన ఆమె గౌనో, సీతాకోకచిలుక రెక్కలవలె భుజములపై లేచి నిలువవలసిన దాని చేతులు, వానకు తడిసిన కాకిరెక్కలవలె వ్రేలాడుచున్నవి. సలూద్ మరి ఆలోచింపలేదు. ఇస్త్రీపెట్టెను గదవలె ఎత్తి, మంచముపై పరచిన దుప్పటియే రణభూమిగా, ముడుతపై ముడుతను, మడతపై మడతను, ముందునుండి వచ్చినదానిని ముందునుండియు, చాటునుండి వచ్చినదానిని చాటునుండియు అణగద్రొక్కుచు, అరగంటసేపు ఆవిరి మేఘముల నడుమ వీరవిహారము చేసి, రెండు రెక్కలను నిటారుగా నిలబెట్టెను. పద్దెనిమిదవ గదికి పెట్టెనిచ్చి, విజయోత్సాహముతో స్నానాలగదిలోకి నడిచి, పంపుమీద చేయి వేయబోయినది.

“అక్కా, చెయ్యి తియ్యి.”

రెమేదియోస్ గుమ్మమున అడ్డుగా నిలిచియుండెను.

“ఇప్పుడే ఇస్త్రీ దించావు,” అన్నదామె.

సలూద్ తన చేతులవంక చూచుకొనెను. అవి ఇంకను వెచ్చగానే యున్నవి. అప్పుడామెకు తాను చేసిన ఘోరము తెలిసెను. స్నానము ముందు, ఇస్త్రీ తరువాత. ఇది ఆ దీవులలో నడక నేర్చిన ప్రతి బిడ్డకును తెలిసిన ధర్మము. వేడి పట్టిన చేతికి చల్లని నీరు తగిలెనా, నరములు బిగిసి, వ్రేళ్లు వణకి, అరచేతులు చెమర్చు పాస్మా అను పీడ పట్టుకొనును. పట్టినది వదలదు. సలూద్ తల్లి ఆ పీడతోనే చివరి పదేండ్లు కాఫీ ఒలకబోసికొనుచు త్రాగెను.

“సెమినార్‌లో నీకేం చెప్పారే దీని గురించి?” అని అడిగెను సలూద్, చిన్న ఆశతో.

“ఉత్తదే అని చెప్పారు. రాసుకున్నా కూడా.” రెమేదియోస్ కదలలేదు. “అయినా చెయ్యి తియ్యి.”

“మరి వేడినీళ్లు తిప్పు.”

రెమేదియోస్ తిప్పెను. షవరునుండి సన్నని ధార దిగెను. ఇరువదినాలుగు గదులవారును ఏకకాలమున స్నానమాడు వేళ కదా. ఆమె వ్రేలు పెట్టి చూచెను. పెట్టినట్లే తీసెను.

“వెచ్చగా ఉందా?”

“దీపం మాత్రం బాగుందక్కా,” అన్నది రెమేదియోస్ నెమ్మదిగా.

రాజు పారిపోయిన కోటమీద జెండావలె, ఆ ఎర్రదీపము గోడపై ప్రకాశించుచునే యుండెను.

“పోనీ ఈ పూటకి స్నానం మానేసి సెంటు కొట్టుకో.”

“ఎండుచేప మీద సెంటు కొడితే ఏమవుద్దో తెలుసా? సెంటు కొట్టిన ఎండుచేపవుద్ది.” సలూద్ మంచముమీద కూర్చుండెను. “జడ్జిగారి భార్య పక్కన నిలబడాలే నేను. ఆ పిల్ల వాళ్లత్తగారితో పోట్లాడి మరీ నా పేరు పెట్టించింది. ముక్కు మూసుకుని ఎవరైనా పక్కకి జరిగారనుకో, సిగ్గు నాకు కాదు, దానికి.”

గడియారము ఏడుంబావు చూపెను. సలూద్ లేచెను. ఖాళీ బకెట్టును మోచేతికి తగిలించుకొని, రెమేదియోస్ ఇంటినుండి తెచ్చిన గులాబీరంగు మగ్గును చంకన పెట్టుకొని, రబ్బరుచెప్పులు టపటపలాడ, లిఫ్టులేని ఆ దుర్గమున మూడంతస్తులు దిగి రణరంగమున ప్రవేశించెను.

హోటలు ముందుగదిలో ఒక మూలన వేడినీళ్ల యంత్రము కలదు. దానికొక నీలిపంపు, ఒక ఎర్రపంపు. ఆరేడు కప్పులు పట్టినంతనే దాని వేడి తీరిపోవును, మరల పది నిమిషములు కాచుకొనవలెను. దానిపైన గోడకు అంటించిన కాగితముపై ఈ శాసనము: వేడినీళ్లు కాఫీకి, నూడిల్స్‌కు మాత్రమే. ఆ శాసనమును కాపాడుచు బల్లవెనుక కూర్చున్నది బేబెత్. ఏసీచలికి స్వెట్టరు, చెవివెనుక పెన్ను, పదునాలుగేండ్ల అనుభవము. యంత్రము ముందు నిలిచినవాడు క్రిస్పులో. ముప్పదేండ్లు ఓడలమీద వంటచేసి, పొట్టతోసహా ఒడ్డుకు చేరినవాడు. అతని చేతిలో చిన్నబిడ్డయంత ఉక్కు థర్మాసు. అది నిండవచ్చినది. అతని వెనుక నాలుగు నూడిల్స్ కప్పులు పట్టుకొనిన ఒక తల్లి, ఆమె వెనుక ఇంకను ఐదుగురు.

వారిని చూచినంతనే సలూద్ రక్తము పొంగెను. ‘ఓయీ థర్మాసుధారీ! జలచోరా! ఏడు సముద్రముల నీరు చూచినను నీ దాహము తీరలేదా? తొలగుము, లేదా ఈ బకెట్టు నీ శిరముపై కిరీటమగును!’ అని సింహనాదము చేయవలెనని ఆమె హృదయమున తోచెను. నోటివెంట వచ్చినది మాత్రమిది:

“అన్నా, కొంచెం జరుగుతారా?”

క్రిస్పులో తిరిగి బకెట్టును చూచెను. “ఎంత నూడిల్స్ వండుతున్నారమ్మా? ఊరందరికీనా?”

వరుసలోనివారు నవ్విరి.

“బకెట్లోకి కుదరదు పెద్దమ్మా,” అన్నది బేబెత్ తలయెత్తకుండగనే. “ఒకళ్లకిస్తే ఇరవైనాలుగు గదులూ బకెట్లేసుకుని దిగుతాయి.”

“మా గదిలో హీటర్ పనిచెయ్యట్లేదమ్మా.”

“ఎర్రదీపం వెలగట్లేదా?”

“వెలుగుతోంది.”

“మరి పనిచేస్తున్నట్టే.”

అక్క వెంట దిగి మెట్లమీద నిలిచిన రెమేదియోస్ ఈ తర్కము విని తల దించుకొనెను.

“మేస్త్రీ ఎప్పుడొస్తాడు?”

“సోమవారం.”

గోడగడియారము ఏడున్నర. వెనుక వరుస ముందుకు నెట్టుచున్నది, ముందు కోట తలుపు మూసియున్నది. ఎడమప్రక్కన నవ్వు, కుడిప్రక్కన శాసనము. సలూద్ బకెట్టును నేలపై దించి, రెండు అరచేతులను పైకెత్తి అందరికిని చూపించెను.

“నేను ఇస్త్రీ చేశానమ్మా. స్నానం చెయ్యకుండా.”

నూడిల్స్ తల్లి గుండెపై చేయి వేసికొనెను. బేబెత్ చెవివెనుకనుండి పెన్ను తీసి బల్లమీద పెట్టెను.

“చన్నీళ్లు తగిలాయా?”

“ఇంకా లేదు. నా చెల్లెలు ఆపింది.”

“బంగారంలాంటి చెల్లెలు,” అని బేబెత్ లేచెను. రెమేదియోస్ తల మరల పైకి లేచెను.

క్రిస్పులో థర్మాసు మూత విప్పి, చివరి చుక్కవరకు బకెట్టులో ఒంపెను. “మా ఓడలో ఒకడు లాండ్రీలోంచొచ్చి ఐసు ముట్టుకున్నాడమ్మా,” అన్నాడు ఒంపుచునే. “ఇవాళ్టికీ వాడు చెంచా పట్టుకుంటే పళ్లెం మోగుద్ది. నేను నవ్విన సంగతి మర్చిపోండి.”

“పిల్లలు రొట్టె తింటార్లెండి,” అని నూడిల్స్ తల్లి కప్పులను సంచిలో వేసికొనెను. వెనుకనున్న ఐదుగురును ఒకరిని చూచి ఒకరు జరిగిరి. బేబెత్ తన స్వెట్టరు విప్పి, చదువుటకు వీలులేకుండ గోడమీది శాసనముపై వ్రేలాడదీసి, ఎర్రపంపును తానే తిప్పెను. యంత్రము తన గర్భమందున్నదంతయు సమర్పించుకొని, గురగురమని, మూర్ఛపోయెను. బకెట్టులో మూడవవంతు నిండెను, పొగలు గ్రక్కుచు.

“చన్నీళ్లు కలిపితే ముప్పావు బకెట్టవుద్ది,” అన్నది బేబెత్. “అది కూడా చెల్లెలే కలపాలి. మీరు ముట్టుకోవద్దు.”

ఇక ఆరోహణము. బకెట్టు రెమేదియోస్‌ది, మగ్గు సలూద్‌ది. ప్రతి మెట్టును లెక్కించుచు, ప్రతి మలుపును శంకించుచు, ఆ సోదరీద్వయము పైకెక్కెను. రెండవ అంతస్తున అప్పుడే తడిగుడ్డ పెట్టిన గచ్చుమీద రెమేదియోస్ కాలు జారినది. బకెట్టు ఒరిగెను, జలము ఎగసెను. ఒక మగ్గెడు వేడినీరు నేలపాలయ్యెను.

“పోయినవాటిని చూడకే,” అన్నది సలూద్. “ఉన్నవాటిని పట్టుకో.”

గది చేరి, చన్నీరు కలిపి, సలూద్ మగ్గుకొరకు చేయి చాపగా రెమేదియోస్ రెండు ప్లాస్టిక్ రొట్టెసంచులు తెచ్చి, ఆ చేతులకు తొడిగి, మణికట్టులకు రబ్బరుబ్యాండ్లు బిగించెను.

“గోరువెచ్చటివేగా.”

“గోరువెచ్చటివైనా నీళ్లే. చేతులు పైకి పెట్టు.”

చేతులెత్తినవారు ఓడినవారని లోకము చెప్పును. సలూద్ పనగీతోన్ చేతులెత్తియే గెలిచెను. ఊరినుండి తెచ్చిన చిన్ననిమ్మకాయల రసము పట్టించిన తలపై మొదటి నాలుగు మగ్గులు, మెడమీద రెండు, వీపున మూడు. పదవ మగ్గుతో సబ్బు తొలగెను. పదునొకండవ మగ్గు ఊరకనే, సుఖమునకు. ముప్పదియొక్క ఏండ్ల వాసన ఆ హోటలు తూములో పడి, గుడగుడలాడి, సముద్రమునకు తిరిగి వెడలిపోయెను.

తొమ్మిదికి ఐదు నిమిషములుండగా, రెక్కలు నిటారుగా నిలిచిన గౌనుతో ఆమె మోలో చర్చి మెట్లమీద వరుసలో చేరెను. జడ్జిగారి భార్య ఆమెవైపు వంగెను.

“నిమ్మ వాసన చాలా బాగుందండీ. ఏ షాంపూ?”

“మా ఊరిది,” అన్నది సలూద్.

పెండ్లి జరిగినది. దండలు, దీపములు, కన్నీళ్లు, అన్నియు యథావిధిగా జరిగినవి. చివర నూతన వధువు పెద్దల చేతులను ఒక్కొక్కటిగా అందుకొని నుదుటికి తాకించుకొనుచు వచ్చెను. జడ్జిగారి భార్య చేయి అయినది. సలూద్ చేయి నుదుటివరకు వెళ్లి అక్కడనే ఆగిపోయెను.

“చేపల వాసన పిన్నీ,” అన్నది లియోనిసా, ఆమెకు మాత్రమే వినపడునట్లు.

సలూద్ చేయి వెనుకకు లాగుకొనబోయెను. “చేతులొక్కటే కడుక్కోలేదే. ఇస్త్రీ చేశాను.”

“కడుక్కోకు.” పెండ్లికూతురు చేయి వదలలేదు. “పొద్దున్నుంచీ ఎవరెవరి చేతులో నుదుటికి పెట్టుకుంటున్నా. ఇప్పటికి మా ఇంటి మనిషొచ్చింది.”

ఈ విధముగా, ముప్పావు బకెట్టుకు ఒక మగ్గు తక్కువ నీటితో, ఒక థర్మాసును, ఒక శాసనమును, డెబ్బదిరెండు మెట్లను జయించి, రెండు చేతులు తప్ప తక్కిన శరీరమునంతటిని స్వాధీనపరచుకొని, ఆ రెండు చేతులతోనే అన్నిటికంటె పెద్ద గెలుపు గెలిచిన సలూద్ పనగీతోన్‌కు జయము. చవక హోటళ్లలో దిగువారు స్నానము ముగించి ఇస్త్రీపెట్టె పట్టుదురు గాక, దీపమును నమ్మక నీటిని ముట్టి చూతురు గాక. సోమవారము మేస్త్రీ వచ్చెనో లేదో తెలియదు. పదిహేడవ గదిలో ఎర్రదీపము మాత్రము దివ్యముగా వెలుగుచున్నది.