ఆ బంతి పడ్డప్పుడు హాల్లో ఉన్నవాళ్లు

ఆ ఆదివారం పొద్దున అల్లుడు వేసుకున్న పథకంలో పెద్ద విశేషమేమీ లేదు. అత్తవారింట్లో టిఫిను తినడం, అత్తగారికి తాను చేసిచ్చిన కొత్త కళ్లజోడు ముక్కు మీద సరిగ్గా కూర్చుందో లేదో చూడటం, మధ్యాహ్నానికి ఇల్లు చేరి ఓ కునుకు తీయడం. కళ్లజోళ్ల దుకాణం నడిపేవాడికి వారానికి ఒక్కరోజే సెలవు. టిఫిను దాకా అంతా సవ్యంగానే సాగింది. తర్వాత మామగారు టీవీ పెట్టారు.

మామగారు నీటి సరఫరా పంపుహౌసులో పనిచేసి రిటైరైన మనిషి. ఎవరితోనూ ఎక్కువగా మాట్లాడరు. బాస్కెట్‌బాల్ మాటెత్తితే మాత్రం ఆపరు. అల్లుడంటే ఆయనకున్న గౌరవమంతా ఆ ఆట మీదే నిలబడి ఉంది. ఇరవై ఏళ్ల కిందట ఊరి జట్టు లీగు ఫైనల్ గెలిచిన సాయంత్రం అల్లుడు ఆ హాల్లో ఉన్నాడు మరి. రెండు పాయింట్లు వెనకబడి, ఇక అయిపోయిందనుకుంటున్నప్పుడు, చీలమండ బెణికి కుంటుతున్న ఆటగాడొకడు కోర్టు మధ్యగీత దగ్గర నుంచి బంతి విసిరాడు. అతణ్ని అందరూ జిరాఫీ అనేవారు. బంతి గాల్లో ఉండగానే గంట మోగింది. బంతి వెళ్లి రింగు అంచున తిరిగి, కాసేపు ఆలోచించుకుని, లోపల పడింది. మూడు పాయింట్లూ వచ్చాయి, కప్పూ వచ్చింది.

అయితే అల్లుడు ఆ హాల్లో ఉన్నాడన్నది పచ్చి అబద్ధం. ఆ సాయంత్రం అతను జ్వరంతో దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాడు. కొన్నాళ్లకు పిల్లనడగడానికి వెళ్తే, కాబోయే మామగారు చదువూ ఉద్యోగమూ అడగడం వదిలేసి, "ఫైనల్ రోజున ఎక్కడున్నావయ్యా?" అని అడిగారు. జ్వరం అన్న మాట గొంతులోనే ఉండిపోయింది. "హాల్లోనే ఉన్నానండీ" అన్న మాట బయటికొచ్చింది. పెళ్లి ఖాయమైంది. అప్పటినుంచి మామగారు సందు దొరికినప్పుడల్లా ఆ బంతి సంగతి అల్లుడి చేత చెప్పించుకుంటూనే ఉన్నారు.

పాపం, ఆయనకు ఆ భాగ్యం దక్కలేదట. ఆ సాయంత్రం పంపుహౌసులో డ్యూటీ. అదే సాయంత్రం అత్తగారి చెల్లెలి పెళ్లి విందు కూడా ఉంది. దానికీ వెళ్లలేకపోయారు. "డ్యూటీ కోసం మరదలి పెళ్లీ వదులుకున్నారు, ప్రాణంలాంటి మ్యాచీ వదులుకున్నారు" అని అత్తగారు ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేవారు. మామగారు తల వంచుకుని వినేవారు. అది వినయమని అందరూ అనుకునేవారు.

టీవీలో ఆ రోజు వస్తున్న కార్యక్రమం, అభిమానులు 'అప్పుడు అక్కడ ఉండి ఉంటే ఎంత బాగుండేది' అనుకునే ఆటల గురించి. కనుబొమ్మ చిట్లి కట్టు కట్టించుకుని వచ్చి ఆట నిలబెట్టిన కెప్టెన్ వచ్చాడు. ఆఖరి ఆట ఆడి బూట్లు కోర్టు మధ్యలో వదిలేసి వట్టికాళ్లతో వెళ్లిపోయిన ముసలి ఆటగాడు వచ్చాడు. అందరికంటే ఎక్కువ ఓట్లు జిరాఫీ బంతికే పడ్డాయి. బంతి రింగులో పడింది, హాలంతా లేచింది, కెమెరా జనం మీదికి తిరిగింది. పచ్చ ఉన్ని టోపీ, బొద్దు చలికోటు వేసుకున్న మనిషొకడు ఇటు వీపు పెట్టి, పసుపు రంగు బట్టల్లో ఉన్న ఒకావిడను గట్టిగా వాటేసుకుని ఉన్నాడు.

అత్తగారు కొత్త కళ్లజోడు సర్దుకున్నారు. "ఏవండీ, ఆ వీపు ఎక్కడో చూసినట్టుందే!"

"మన అల్లుడిది!" అన్నారు మామగారు, ఆవిడ మాట పూర్తవకముందే.

అల్లుడు కాఫీ కప్పు కింద పెట్టాడు.

"అల్లుడు అప్పట్లో ఇంత లావుండేవాడా?" అన్నారు అత్తగారు.

"చలికోటే, చలికోటు! ఏమయ్యా, చెప్పవేం? నువ్వే కదూ?"

ఇన్నేళ్లూ హాల్లో ఉన్నానని చెప్పినవాడు, హాల్లో ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. "నేనేనండీ" అన్నాడు అల్లుడు.

"ఆవిడెవరు?" అంది భార్య.

ఆ గొంతు వినగానే, తానొప్పుకున్నది టోపీ ఒక్కటే కాదని అల్లుడికి అర్థమైంది. "ఎవరో తెలీదు. గెలిచాం కదా, పక్కనున్నవాళ్లని..."

"పక్కనున్నవాళ్లని! అటుపక్క మీసాలాయన కూడా ఉన్నాడుగా, ఆయన్ని వాటేసుకోవచ్చుగా!"

ఇంతలో టీవీలో ఇంకో మాట వచ్చింది. ఆ పాత హాలు కూల్చేస్తున్నారు. అంతకుముందు అక్కడొక సభ పెడుతున్నారు. వాటేసుకున్న ఆ ఇద్దరూ ఎవరో తెలిస్తే ఫోను చెయ్యమన్నారు. అత్తగారు అప్పటికే ఫోను చేతిలోకి తీసుకున్నారు.

"వద్దు! ఎందుకొచ్చిన గొడవ, పెట్టెయ్యి!" అని మామగారు కుర్చీలోంచి లేచారు.

"మీరుండండి. మీకెలాగూ రాసిపెట్టి లేదు, అల్లుడికైనా నాలుగు చప్పట్లు పడనివ్వండి. హలో! ఆ టోపీ అబ్బాయి మా అల్లుడేనండీ!"

ఆ తర్వాత దుకాణంలో అల్లుడికి ఊపిరి సలపలేదు. పేపరులో ఫొటో పడింది. కళ్లు పరీక్ష చేయించుకుంటామని వచ్చినవాళ్లు అక్షరాల బోర్డు చూడటం మానేసి అతని వీపు చూసేవారు. అద్దం అరగదీస్తూ ఒకటికి పదిసార్లు బంతి సంగతి చెప్పాల్సి వచ్చేది. చెప్పేకొద్దీ అది అతని నోట్లో నునుపు తేలింది. ఇంట్లో మాత్రం భార్య అతనితో మాట్లాడటం మానేసి గోడతో మాట్లాడుతోంది. "వడ్డించాను. వాటేసుకోవడాలు అయిపోయి ఉంటే, తినేవాళ్లు తినొచ్చు."

ఇక లాభం లేదు, నిజం చెప్పేద్దామని అతను నిశ్చయించుకున్న రోజే మామగారు దుకాణానికి వచ్చారు. తలుపు దగ్గరికేసి కూర్చున్నారు.

"అల్లుడూ, ఎవరేమడిగినా ఆ టోపీ నీదే. మాట మార్చకు."

"మామయ్యగారూ, అసలు సంగతేమిటంటే, ఆ రోజు నేను..."

"చెప్పకు!"

"కాదండీ, నాకు మనసులో..."

"మనసులోనే ఉంచుకో. సంసారులం మనం."

మామగారు చెమట తుడుచుకుని వెళ్లిపోయారు. ఇంత నమ్మకం పెట్టుకున్న మనిషిని ఎలా నొప్పించడమా అని అల్లుడు ఆ పూటంతా బాధపడ్డాడు.

సభ రోజున పాత హాల్లో సగం బల్లలు పీకేసి ఉన్నాయి. ముందు వరసలో అత్తగారు, మామగారు, గోడ దొరక్క నేల చూస్తున్న భార్య. అల్లుడి నెత్తిన నిర్వాహకులు ఎక్కడినుంచో తెచ్చిన పచ్చ టోపీ. జనం చప్పట్ల మధ్య పసుపుబట్టలావిడను వేదిక మీదికి పిలిచారు. ఆవిడ పేపరు చూసి తనంతట తానే వచ్చిందట. పళ్ల డాక్టరు. నెరిసిన జుట్టు, నిటారు నడక.

ఆవిడ అల్లుడి ముఖం పరకాయించి చూసింది. "నవ్వండి" అంది.

అల్లుడు నవ్వాడు.

"ఇతను కాదు" అంది మైకులో.

ఎవరూ అడగకముందే ఆవిడే చెప్పింది. "ఆ రోజు ఆయన నా ముఖం ముందే ఇంత నోరు తెరిచి అరిచాడు. ముఖాలు నాకు గుర్తుండవు గానీ పళ్లు మరిచిపోను. పైవరసలో ఒక పన్ను మీదికి ఇంకో పన్ను ఎక్కి ఉంది. చూడగానే ముందు తీగ కట్టాలి అనిపించింది."

అల్లుడు దిక్కుతోచక ముందు వరస వైపు చూశాడు. మామగారు నోరు బిగించుకుని కూర్చున్నారు. పెదవులు కనబడటం లేదు.

"ఏవండీ, మూతి అలా బిగించారేం? ఒంట్లో బాగాలేదా?" అంటున్నారు అత్తగారు. మామగారు నోరు తెరవకుండా తల అడ్డంగా ఊపారు.

అల్లుడికి ఒక్కసారిగా అంతా అర్థమైంది. వీపు అల్లుడిదని అంత తొందరగా ఎందుకన్నారో, చెప్పకు అని ఎందుకన్నారో. ఇప్పుడు 'నేను కాదు' అని ఒక్క మాటంటే చాలు. టోపీ దిగిపోతుంది, భార్య దగ్గర తన మాట దక్కుతుంది. ఆ పెద్దాయన మాత్రం ఈ వయసులో, ఇంతమంది ముందు, నోరు తెరవాల్సి వస్తుంది. మామగారు అతని వైపే చూస్తున్నారు. అలాంటి చూపు అల్లుడు తన దుకాణంలో చాలాసార్లు చూశాడు. బోర్డు మీద అక్షరం కనబడకపోయినా కనబడుతోందని చెప్పాలనుకునే ముసలివాళ్ల చూపు అది.

"నేనేనండీ" అన్నాడు అల్లుడు. "అప్పట్లో నా పళ్లు వంకర. తర్వాత తీగ కట్టించుకున్నాను."

డాక్టరమ్మ అతని గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. "ఎవరు కట్టారో గానీ పని బాగా చేశారు. సరే, మరి ఆ రోజు నా చెవిలో ఏమన్నారు?"

భార్య తల ఎత్తింది.

"గెలిచాం అన్నాను."

"కాదు. 'ఏమైంది? ఏమైంది?' అన్నారు. కప్పు గెలిచిన హాల్లో అలా అడిగినవాడు మీరొక్కరే. అందుకే ఇన్నేళ్లూ గుర్తున్నారు."

హాలంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది అల్లుడి భార్య. వాటేసుకుని 'ఏమైంది' అని అడిగే మగాడి మీద ఎంతసేపని అనుమానపడగలదు?

సభ ముగిసి అందరూ అత్తవారింటికి చేరారు. అత్తగారు కాఫీలు ఇచ్చి, తీరిగ్గా కూర్చుని, కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు.

"ఆ ఫైనల్ సాయంత్రం నేను పంపుహౌసుకి ఫోను చేశాను" అన్నారు. "సెలవు పెట్టారని చెప్పారు."

మామగారు కప్పు సాసరు మీద పెట్టేశారు.

"నీకు... అప్పట్నుంచీ తెలుసా?"

"మీరే చెబుతారులే అనుకున్నాను. వచ్చిన ప్రతి చుట్టం ముందూ మీ త్యాగం పొగిడాను, అప్పుడైనా సిగ్గేసి చెబుతారని. చివరికి టీవీవాళ్లకి ఫోను చేశాను. పాపం, అల్లుణ్ని వేదిక ఎక్కించి మీరు కింద కూర్చున్నారు."

"మీ చెల్లెలి పెళ్లి ఎగ్గొట్టానని నువ్వు..."

"పెళ్లి గొడవ ఎవరిక్కావాలండీ? ఆ విందులో కూర్చుని నేను మా పెదనాన్నగారి రేడియో చెవికి పెట్టుకున్నాను. నాకూ చూడాలని ఉండదా? ఇంకో టికెట్టు తేవాలని తోచలేదా మీకు?"

మామగారు నెమ్మదిగా, "టికెట్టు నేను కొనలేదు. మా పంపుహౌసు స్నేహితుడు తెచ్చాడు. మా ఇద్దరికీ" అన్నారు. ఆ స్నేహితుడు మరుసటి వేసవిలోనే పోయాడని ఇంట్లో అందరికీ తెలుసు.

అత్తగారి గొంతు తగ్గింది. "పోనీ, ఇప్పుడైనా చెప్పండి. ఎలా పడింది ఆ బంతి?"

"నేను చూడలేదు."

"అదేమిటి నాన్నా?" అంది కూతురు.

"జిరాఫీ చెయ్యెత్తాడు. నాకు గుండె ఆగినంత పనైంది. కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఆ డాక్టరమ్మ నా చేతుల్లో ఉంది. ఏమైందని ఆవిణ్నడిగినా చెప్పలేదు. మా స్నేహితుడు ఇంటికెళ్తూ చెబుతానన్నాడు, నవ్వాపుకోలేక చెప్పలేకపోయాడు. తర్వాత చెబుతానన్నాడు." ఆయన కాఫీలోకి చూశారు. "టీవీలో వందసార్లు చూశాను. అది వేరు. పక్కన కూర్చున్నవాడు చెప్పినట్టుండదు. అల్లుడు చెబితే అలా ఉంటుంది."

అల్లుడు గొంతు సవరించుకున్నాడు. "మామయ్యగారూ, నేను అసలు ఆ రోజు జ్వరంతో..."

"తెలుసయ్యా" అన్నారు మామగారు. "నువ్వు చెప్పిన మొదటిసారే హాలు తలుపులు ఎటువైపున్నాయో తప్పు చెప్పావు. దానికేం, చెప్పు."

"చెప్పు బాబూ" అన్నారు అత్తగారు, కళ్లజోడు పెట్టుకుంటూ.

హాల్లో లేనివాడు చెప్పడం మొదలుపెట్టాడు. జిరాఫీ చెయ్యెత్తే దగ్గరికి వచ్చేసరికి, హాల్లో ఉన్నాయన మళ్లీ కళ్లు మూసుకున్నారు.